ఉయ్యాలవాడ కాలందా, బెల్జియందా? మా అబ్బ సింగిల్ బ్యారెల్ తుపాకీ

కుందూగట్టు:
మాది కోవెలకుంట్ల పక్క పల్లె, ఇప్పుడు కర్నూల్లో ఉంటాం. మా అబ్బ పేరుతో లైసెన్సున్న తుపాకీ ఒకటుంది. ఆయన పోయినాక స్టేషన్లో డిపాజిట్ చేసి, నా పేరుకు మార్చమని అర్జీ పెట్టినాం. మొన్న అధికారుల ముందరే దాన్ని చూసి ఫోటోలు తీసుకున్నా. నడుమ మడిచి తూటా పెట్టే రకం, 12 బోరు, బయటికి కనబడే హామర్. గొట్టం నిండా అలలు అలలుగా గీతలు. పక్క రేకు మీద అరిగిపోయిన ఇంగ్లీషు అక్షరాల్లో ‘డబ్ల్యూ. రిచర్డ్స్’. ముందు చెక్క తీస్తే గొట్టం అడుగున కోలగీత, దాని లోపల ఈ, ఎల్, జీ, కింద నక్షత్రం, పైన కిరీటం. ఇంకోచోట స్తంభం బొమ్మ, 18.2 అనే అంకె.

నరసింహారెడ్డి తిరుగుబాటులో మా పూర్వీకుడు పట్టిన తుపాకీ ఇదేనని ఇంట్లో తరతరాలుగా చెప్పే మాట. మా చిన్నాయన ఆ మాట మీదనే ఉన్నాడు. ఎవరు చేసింది, ఎప్పటిది? తెలిసినోళ్లు చెప్పండి.

నల్లమల_బాట:
కిరీటం ఉంది, రిచర్డ్స్ పేరుంది. ఇంకేం కావాల? వెస్ట్లీ రిచర్డ్స్ 1812 నుంచి ఉన్న బర్మింగ్‌హామ్ కంపెనీ. మన రాజులూ జమీందార్లూ మోజుపడి కొన్న పేరు. ఇంగ్లండు సరుకే.

పొద్దుటూరు_వాసి:
కాదన్నా. కిరీటం ఒక్క ఇంగ్లండోళ్ల సొత్తు కాదు. జర్మనీ ముద్రల్లోనూ ఉంటాది. 1904కు ముందు బర్మింగ్‌హామ్‌లో ఎక్కువ మందుతో పేల్చి గట్టితనం పరీక్ష చేసిన గొట్టం మీద కిరీటంతో పాటు అడ్డంగా దాటిన రెండు రాజదండాలు ఉండాల. కోలగీతలో ఈ, ఎల్, జీ అంటే బెల్జియంలోని లియేజ్ పట్టణం పరీక్షాశాల ముద్ర. ఆ స్తంభం కూడా ఆ ఊరి గుర్తే.

మా ఊర్లో నగ కొనేటప్పుడు హాల్‌మార్క్ వేరే చూస్తాం, అంగడి పేరు వేరే చూస్తాం. ఇదీ అంతే. రేకు మీద పేరు అమ్మకానికి. గొట్టం అడుగున ముద్ర పరీక్షకు. పేరున్న కంపెనీని తలపించే పేర్లు బెల్జియం చౌక తుపాకుల మీద బాగా కనబడతాయి, వాటిలో డబ్ల్యూ. రిచర్డ్స్ ఒకటి. కొన్నిసార్లు అమ్మిన కొట్టు పేరే చెక్కేవాళ్లు. మద్రాసులో గడియారాలకు పేరుపడిన పి. ఓర్ అండ్ సన్స్ పేరుతో కూడా తుపాకులు ఉన్నాయి.

కాలం సంగతి. ఆ కోలగీత మీదికి కిరీటం 1893లో వచ్చింది. 1922 నుంచి లియేజ్‌లో ఏడాదికొక అక్షరం కొట్టడం మొదలుపెట్టినారు. మీ ఫోటోల్లో ఆ అక్షరం కనబడలేదు. అది అరిగిపోలేదని తేలితే, 1893కూ 1921కీ నడుమ పరీక్షకొచ్చిన తుపాకీ ఇది. 18.2 అనేది గొట్టం లోపలి కొలత, మిల్లీమీటర్లలో.

చేసినోడి పేరు మాత్రం ఈ ముద్రలతో తేలదు. లియేజ్ చుట్టుపక్కల పల్లెల్లో ఇండ్ల దగ్గరే గొట్టాలు, తుపాకీ పేల్చే భాగాలు చేసే పనివాళ్లు లెక్కలేనంతమంది. గొట్టం మొదట్లో సన్నటి పొడి అక్షరాలు ఉంటే ఫోటో పెట్టండి, అవి గొట్టం చేసినోడివి కావచ్చు.

సీమ_పాతమాట:
ముద్రలు చూసి ఇంటి మాటను కొట్టిపారేయడం నాకు నచ్చలా. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో కుప్పలకొద్దీ ఆయుధాలు దొరికినాయనే కదా కుంపిణీ ఆయన్ను దించేసింది. 1846లో రెడ్డి వెంట నడిచినోళ్ల చేతుల్లో తుపాకులు లేవంటారా? మన పెద్దల మాటకు విలువ లేదా?

పొద్దుటూరు_వాసి:
తుపాకులు లేవని నేననలేదన్నా. ఉండినాయి, కానీ మూతి నుంచి మందూ గుండూ కూరేవి. ఇది మడిచి తూటా పెట్టేది. అడుగున నడుమ నిప్పందించే టోపీ ఉన్న ఇట్లాంటి తూటా ఇంగ్లండులోనే 1860ల్లో వాడకానికొచ్చింది. రెడ్డిని కోవెలకుంట్లలో ఉరి తీసింది 1847 ఫిబ్రవరి 22న. ఆ చేతుల్లోకి ఈ తుపాకీ ఎట్ల వస్తాది?

పెద్దల మాట అబద్ధమని కాదు. ఇంట్లో అంతకుముందు మూతి నుంచి కూరే తుపాకీ ఒకటి ఉండి ఉండొచ్చు. అది ప్రభుత్వానికి అప్పగించినాకో, చెడిపోయినాకో ఇది కొన్నారు. కథ దీని మీదికొచ్చింది. నాకు తోచేది ఇది.

హంద్రీ_ఒడ్డు:
బీహార్‌లోని ముంగేర్‌లో మీర్ ఖాసిం కాలం నుంచి తుపాకుల పని ఉంది. అక్కడ చేసి విదేశీ పేరు చెక్కి ఉండొచ్చు కదా?

పొద్దుటూరు_వాసి:
పేరు చెక్కుతారు, ఒప్పుకుంటా. కొనేటోడికి కనబడని చోట, చెక్క కింద, ఇన్ని ముద్రలు వరుస తప్పకుండా కొట్టాల్సిన పనేముంది?

నల్లమల_బాట:
సరే, బెల్జియందే అనుకుందాం. నూరేండ్లు దాటింటే లైసెన్సే అక్కర్లేదు కదా? ఈ అర్జీలు ఎందుకు?

గుత్తికోట:
ఆ మాట నమ్మి ఎవరూ ఇంటికి తెచ్చుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది, మరమ్మతు చేసినా చేయకున్నా పేలని పాత ఆయుధానికి. ఇది తూటా పట్టే తుపాకీ, వయసొక్కటే చాలదు. కుందూగట్టు వాళ్లు చేసిందే సరైన దారి.

ఇంకోమాట, ఇది ప్రాణాలకు సంబంధించింది. ఆ అలల గీతలు డమాస్కస్ గొట్టానివి: ఇనుము, ఉక్కు పట్టీలు మెలితిప్పి అతికించి చేసింది. లియేజ్‌లో పొగలేని కొత్తరకం తుపాకీ మందుకు పరీక్ష చేసుంటే సింహం బొమ్మ, పీ, వీ అక్షరాలు ఉండాల. మీరు రాసిన వాటిలో అవి లేవు. అంటే పాతకాలపు నల్లటి తుపాకీ మందుకు చేసిన గొట్టం. ఇప్పుడు దొరికే తూటాల్లో పొగలేని మందే. పైగా పాత 12 బోరులో తూటా కూర్చునే గది ఎక్కువగా 65 మిల్లీమీటర్లు, ఇప్పటి తూటా ఎక్కువగా 70. అది లోపలికి సులభంగానే పోతాది. పేలినప్పుడు తూటా మూతి విచ్చుకోను చోటుండదు, ఒత్తిడి అమాంతం పెరుగుతాది. పండగకని కూడా దీన్ని పేల్చొద్దు.

సీమ_పాతమాట:
పేల్చొద్దనే మాటతో నేనూ ఏకీభవిస్తా. కానీ రెండు తుపాకులన్నది ఇప్పటికి ఊహే కదా. ఆధారం చూపిస్తే నమ్ముతా. అంతవరకూ చిన్నాయన పక్షమే.

కుందూగట్టు:
ఆధారం దొరకొచ్చు. అబ్బ దగ్గరుండేది ఆయన నాయన కాలం నుంచి వచ్చిన లైసెన్సు పుస్తకం, చిన్నాయన బీరువాలో ఉంది. దాంట్లో తుపాకీ రకం రాసుంటారు: మూతి నుంచి కూరేదైతే ఎస్‌బీఎంఎల్, ఇట్లాంటిదైతే ఎస్‌బీబీఎల్. ఆదివారం ఊరికి పోయి ఆ పేజీలు ఫోటో తీసి పెడతా. స్టేషన్లో మళ్లీ చూడనిస్తే గొట్టం మొదట్లో పొడి అక్షరాలూ, సింహం బొమ్మా ఉన్నాయేమో అద్దం పెట్టి చూస్తా.