పాత సిటీ బ్లాకు మీద వీటెక్ హెడ్డు: బోల్టులు కుదిరితే సరిపోతుందా?

ఘాటురోడ్డు_1999 (జయపురం, కోరాపుట్ జిల్లా)

నమస్కారం. మా నాన్నగారు 1999లో విజయనగరంలో కొన్న హోండా సిటీ 1.5 ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అది వీటెక్ (వేగం పెరిగినప్పుడు వాల్వులను ఎక్కువగా తెరిచే హోండా ఏర్పాటు) లేని మామూలు ఇంజను, 100 అశ్వశక్తిది. నేను స్టీరింగు పట్టడం నేర్చుకున్నది ఆ బండి మీదే కనుక, అమ్మేసి మరొకటి కొనుక్కోమనే సలహా మాత్రం దయచేసి ఇవ్వవద్దు. ఇంజను 1,80,000 కిలోమీటర్లు తిరిగింది. పొగ లేదు, ఆయిల్ తాగదు, కానీ వాల్వు సీటింగులు అరిగిపోయి రెండో సిలిండరులో కంప్రెషన్ బాగా పడిపోయింది. ఎలాగూ హెడ్డు (సిలిండర్ల పైన మూతలా బిగించే, వాల్వులుండే భాగం) దించక తప్పదు.

సరిగ్గా ఇదే సమయంలో విశాఖపట్నంలో పాత సామాను అమ్మే ఒకరి దగ్గర అదే తరానికి చెందిన సిటీ వీటెక్ ఇంజను, 106 అశ్వశక్తిది, కంటపడింది. దాని కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకు (సిలిండర్లు ఉండే కింది భాగం) గోడను చీల్చుకొని బయటికి వచ్చేసింది కాబట్టి ఇంజను మొత్తంగా పనికిరాదు. హెడ్డు, ఇన్‌టేక్ మానిఫోల్డు, డిస్ట్రిబ్యూటరు, ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) మాత్రం ఉన్నాయి. ఆ హెడ్డును నా బ్లాకు మీద వేసుకోవచ్చా అన్నది నా ప్రశ్న. ఇక్కడి మా మెకానిక్ నా బండి గాస్కెట్‌ను (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య వేసే పలుచని పొరను) ఆ హెడ్డు మీద పరిచి చూసి, రంధ్రాలన్నీ కలుస్తున్నాయి కనుక నిశ్చింతగా బిగించేయవచ్చని అంటున్నారు. నా మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఆయిల్ దారులు సరిపోతాయా, కంప్రెషన్ మారుతుందా, నెలకు రెండుసార్లు సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కే నాకు దీనివల్ల నిజంగా మేలు కలుగుతుందా అన్నది తెలిసినవారు చెప్పగలరు. వీటన్నిటితో పాటు 1.3 ఇంజను బ్లాకు ఒకటి చౌకగా ఇస్తామని కూడా అంటున్నారు. దాని మీద ఇదే హెడ్డు వేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలని ఉంది.

రాయగడ_లేతుపని

తమ్ముడూ, హెడ్డు దించకముందే అడిగారు, సంతోషం. మీ మెకానిక్ గారు చేసిన పరీక్ష అవసరమైనదే, కానీ దానితో తేలేది చాలా తక్కువ. మీ రెండు ఇంజన్లూ హోండా డి-సిరీస్ కుటుంబానివి. ఆ కుటుంబంలో వీటెక్ లేని బ్లాకు మీద వీటెక్ హెడ్డు వేయడం విదేశాలలో ఎంతోకాలంగా సాగుతున్న పని, దానికి అక్కడ మినీ-మీ అని ముద్దుపేరు కూడా ఉంది. కాబట్టి ఇది జరగని పనేమీ కాదు. అయితే గాస్కెట్ మీద నీటి రంధ్రాలు ఎక్కడ ఉన్నాయన్నదే కాకుండా, ఎంత పెద్దవిగా ఉన్నాయన్నది కూడా చూడాలి. నీరు పంపు దగ్గరి సిలిండరు చుట్టూ తిరిగి దగ్గరి దారిన వెళ్లిపోకుండా, చివరి సిలిండరు వరకు చేరేలా చూసేది ఆ రంధ్రాల కొలతే. అందుకని వీటెక్ హెడ్డుకు చెప్పిన గాస్కెట్‌నే కొత్తది తెప్పించి, దాన్ని హెడ్డు మీదా బ్లాకు మీదా విడివిడిగా పరిచి, ఏ రంధ్రమైనా సగం మూసుకుంటోందేమో టార్చి వేసి చూడండి.

అసలు కీలకం ఆయిల్ దగ్గర ఉంది. మీరు వేయబోయే హెడ్డులో ఇన్‌టేక్ వైపు ప్రతి సిలిండరుకు మూడు రాకర్లు (క్యాం కదలికతో వాల్వులను నొక్కే చిన్న చేతులు) ఉంటాయి. తక్కువ వేగంలో నడిమి రాకరు ఊరికే ఆడుతుంది. వేగం పెరిగాక సోలినాయిడ్ తెరుచుకొని, ఆయిల్ ఒత్తిడితో చిన్న పిన్నులు కదిలి మూడింటినీ ఒకటిగా బిగిస్తాయి, అప్పుడు వాల్వులు నడిమి క్యాం (తిరిగే కడ్డీ మీది ఉబ్బెత్తు) చెప్పినట్టు ఎక్కువగా, ఎక్కువసేపు తెరుచుకుంటాయి. అంటే ఆ హెడ్డు పనితనమంతా కింది బ్లాకు పంపే ఒత్తిడి మీద ఆధారపడి ఉంది. బ్లాకు నుంచి హెడ్డులోకి ఆయిల్ ఎక్కే చోట ఒక చిన్న జెట్టు (సన్నని రంధ్రమున్న ముక్క), దాని చుట్టూ ఓ-రింగు ఉంటాయి. వీటెక్ ఇంజనుకు చెందిన జెట్టునే తీసుకొని వేయండి, ఓ-రింగు తప్పకుండా కొత్తది వాడండి. పైకి ఎంత ఆయిల్ కావాలన్నది హెడ్డును బట్టి ఉంటుంది కనుక జెట్టు హెడ్డుతో పాటే రావాలి. ఈ పనిలో చాలామంది మరిచిపోయేది దీనినే.

ఇంజను విప్పకముందే మరొక పని చేయాలి. ఆయిల్ ప్రెషర్ స్విచ్చి తీసి, అక్కడ గేజి బిగించి, ఇంజను పూర్తిగా వేడెక్కాక చూడండి. ఐడ్లింగులో కనీసం 70 కిలోపాస్కల్స్, 3000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 340 ఉండాలి. మన గేజీల లెక్కలో అవి దాదాపు 10, 50 పౌండ్లు. 1,80,000 కిలోమీటర్లు తిరిగిన బ్లాకులో మెయిన్, రాడ్డు బేరింగులు అరిగి ఉంటే ఒత్తిడి కిందనే కారిపోతుంది. అప్పుడు హెడ్డు ఎంత మంచిదైనా పిన్నులు పూర్తిగా కదలవు, సగం కదిలిన పిన్ను రాకరును చెక్కేస్తుంది. ఆ కొలత రాకపోతే ముందు బేరింగులు మార్చాలి, హెడ్డు సంగతి తరువాత.

ఇక ఆ హెడ్డు ఎటువంటి ఇంజను మీది నుంచి వచ్చిందో మరువవద్దు. రాడ్డు విరిగినప్పుడు అదుపు తప్పిన పిస్టన్ పైకి వచ్చి వాల్వులను కొట్టి ఉండవచ్చు. హెడ్డును తిరగేసి, ప్లగ్గులు బిగించి, చాంబర్లలో (ప్రతి సిలిండరుకూ ఎదురుగా హెడ్డులో ఉండే గుంటలలో) కిరోసిన్ పోసి పది నిమిషాలు వదిలేయండి. ఏ పోర్టులోకి కారినా ఆ వాల్వు వంగిందనో, సీటు పోయిందనో అనుకోవాలి. ఫేసు (గాస్కెట్ ఆనే చదునైన తలం) మీద సరళమైన ఉక్కు పట్టీ నిలబెట్టి, ఫీలర్ గేజితో అడ్డంగానూ ఐమూలగానూ చూడండి. 0.05 మి.మీ. లోపు వంకర ఉంటే ముట్టుకోనక్కరలేదు. అంతకు మించితే ఫేసింగ్ చేయాలి, అంటే మిషను మీద ఆ తలాన్ని చదునుగా కోయాలి, కానీ 93 మి.మీ. ఎత్తున్న ఈ హెడ్డులో మొత్తం మీద 0.2 మి.మీ.కు మించి తీయకూడదు. ఇరవై ఆరేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా నొక్కి చెబుతున్నాను: మిషను మీద పెట్టేటప్పుడు మీరు దగ్గరుండి, ఎంత తీయాలో కాగితం మీద రాసి ఇవ్వండి. నున్నగా కనిపించాలని అర మిల్లీమీటరు కోసేసిన హెడ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి.

బరంపురం_కొలత

పై సమాధానం చదివాక కంప్రెషన్ విషయం మాత్రమే నేను చెప్పవలసి ఉంది. ఈ కుటుంబంలో 1.3, 1.5, 1.6 లీటర్ల ఇంజన్లన్నిటికీ బోరు, అంటే సిలిండరు వ్యాసం, 75 మి.మీ. మాత్రమే. తేడా అంతా స్ట్రోకులో, అంటే పిస్టన్ కదిలే దూరంలో ఉంది: 1343 సీసీ ఇంజనుకు 76 మి.మీ., 1493 సీసీకి 84.5, 1590 సీసీకి 90. ఒక్కొక్క సిలిండరు ఊడ్చే ఘనపరిమాణం వరుసగా 335.8, 373.3, 397.6 సీసీలు అవుతుంది. పిస్టన్ పై అంచుకు చేరినప్పుడు మిగిలే ఖాళీని ఈ సంఖ్యకు కలిపి, ఆ మొత్తాన్ని అదే ఖాళీతో భాగిస్తే కంప్రెషన్ నిష్పత్తి వస్తుంది. ఉదాహరణకు ఆ ఖాళీ 45.5 సీసీ అనుకుందాం. 1.5 బ్లాకు మీద నిష్పత్తి 9.2 వస్తుంది. అదే ఖాళీతో 1.3 బ్లాకు మీద 8.4కు పడిపోతుంది, 1.6 మీద 9.7కు పెరుగుతుంది. పెద్ద సిలిండరు కోసం చేసిన చాంబరును చిన్న సిలిండరు మీద పెడితే మిశ్రమం చాలినంత నొక్కుకోదు. కాబట్టి చౌకగా వస్తోందని ఆ 1.3 బ్లాకు కొనవద్దు. మీ సొంత బ్లాకే మంచిది.

అయితే మీ రెండు ఇంజన్ల స్ట్రోకు ఒకటే అయినా పిస్టన్ల తల ఆకారం ఒకటి కాకపోవచ్చు కనుక, ఆ ఖాళీని పుస్తకంలో వెతకకుండా చేత్తో కొలవడమే న్యాయం. వాల్వులు, ప్లగ్గు బిగించిన చాంబరు అంచుకు పలుచగా గ్రీజు రాసి, మధ్యలో చిన్న రంధ్రం చేసిన దళసరి యాక్రిలిక్ పలకను దాని మీద అతికించి, మందుల దుకాణంలో దొరికే సిరంజితో రంగు కలిపిన కిరోసిన్ నింపితే చాంబరు ఎన్ని సీసీలో తెలుస్తుంది. పిస్టన్ వైపు కూడా అదే పలకతో కొలవాలి. గాస్కెట్ నలిగాక ఉండే మందం ప్రతి ఒక మి.మీ.కు దాదాపు 4.4 సీసీ కలపాలి. నాలుగు చాంబర్లూ విడివిడిగా కొలవండి, ఒక సిలిండరుకు మరొక సిలిండరుకు అర సీసీకి మించి తేడా ఉండకూడదు.

వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఎడాన్ని కూడా ఊహకు వదలకూడదు. పిల్లలు ఆడుకునే బంకమన్నును పిస్టన్ తల మీద అద్ది, పాత గాస్కెట్‌తో హెడ్డును బిగించి, బెల్టు వేసి, చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, ఆ మన్నును బ్లేడుతో కోసి అతి పలుచని చోట కొలవాలి. ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. ఉంటే నిశ్చింత. ఒక జాగ్రత్త ఉంది: ఇలా చేత్తో తిప్పినప్పుడు వీటెక్ పిన్నులు బిగుసుకోవు కనుక మన్ను మీద పడేది చిన్న క్యాం ముద్ర మాత్రమే. ఆ మూడు రాకర్లనూ ముందుగా కలిపి బిగించి తిప్పితేనే అసలు ఎడం తెలుస్తుంది.

ఇంకొక్క మాట, వేగం గురించి. హోండాలోనే బి-సిరీస్‌లో 1.8 లీటర్ల మామూలు బ్లాకు మీద 1.6 వీటెక్ హెడ్డు వేసేవారు చాలామంది ఉన్నారు. రెండింటికీ బోరు 81 మి.మీ., కానీ స్ట్రోకు ఒకదానికి 89, మరొకదానికి 77.4. హెడ్డు 8000 ఆర్‌పీఎం వరకు శ్వాస తీసుకోగలదు కదా అని అక్కడిదాకా లాగితే, పిస్టన్ సగటు వేగం సెకనుకు 20.6 మీటర్లు ఉండవలసిన చోట 23.7 అవుతుంది, రాడ్డు బోల్టుల మీద లాగుడు కూడా ఆ మేరకు పెరుగుతుంది. పైభాగం ఊపిరిని చూసి కిందిభాగం బలాన్ని మరిచినవారి బ్లాకులు మీరు విశాఖలో చూసిన బ్లాకులాగే అవుతాయి. మీ స్ట్రోకు మారడం లేదు కాబట్టి మీకు ఆ ప్రమాదం తక్కువే, కానీ పాత రాడ్డు బోల్టులతో 7000 దాటించవద్దు.

పర్లాకిమిడి_జీపు

నేను డీజిల్ జీపుల మనిషిని. ఒకప్పుడు మన వైపు తిరిగిన మహీంద్రా జీపుల ప్యూజో ఇంజన్లలో 2112 సీసీది 90 మి.మీ. బోరు, 2498 సీసీది 94 మి.మీ. బోరు. ఒకదాని హెడ్డు మరొకదాని మీద వేయమని ఎందరో అడిగినా నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే బోరు మారితే గాస్కెట్ రింగు ఒకవైపు చాంబరులోకి పొడుచుకొని వచ్చి ఎర్రగా కాలుతుంది. మీకు బోరు ఒకటే కావడం అదృష్టం.

ఘాటు విషయం నిజాయితీగా చెబుతాను. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరం కంటే సుమారు 10 శాతం తక్కువ. ఏ హెడ్డు వేసినా ఆ లోటు పూడదు. వీటెక్ ఇచ్చే లాభం పై వేగంలోనే వస్తుంది, సుంకి మలుపుల్లో రెండో గేరులో 2500 దగ్గర బండి మూలుగుతున్నప్పుడు అది నిద్రలోనే ఉంటుంది. అక్కడ మీకు తెలిసే మార్పు కేవలం వాల్వులు సరిగ్గా కూర్చోవడం వల్ల వచ్చేదే. అది మీ పాత హెడ్డుకు సీటింగులు మార్పించినా వస్తుంది. ఈ మాట విన్నాక కూడా చేయాలనిపిస్తే చేయండి. ఆర్సీలో ఉండే ఇంజను నంబరు బ్లాకు మీదిదే కనుక అది మారదు. అయినా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనంలో చేసే మార్పుల గురించినదే కాబట్టి, పని మొదలుపెట్టకముందే మీ జిల్లా రవాణా కార్యాలయంలో అడిగి, జవాబును కాగితం మీద తీసుకోండి. బీమా సంస్థకు కూడా తెలియజేయండి.

ఘాటురోడ్డు_1999

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు పట్టింది. వేడి మీద ఆయిల్ ఒత్తిడి ఐడ్లింగులో 17 పౌండ్లు, 3000 దగ్గర 54 వచ్చింది కనుక బేరింగులను కదపలేదు. రాయగడ అన్నయ్య అనుమానించినట్టే కిరోసిన్ మూడో సిలిండరు ఎగ్జాస్ట్ పోర్టులోకి కారింది, విప్పి చూస్తే రెండు వాల్వులూ వంగి ఉన్నాయి. అవి, వాటి గైడ్లు మార్పించాను. ఫేసు వంకర 0.08 మి.మీ. ఉంటే, నేనే మిషను పక్కన నిలబడి 0.1 మాత్రమే తీయించాను. అంతా కలిపి ఖాళీ 43.6 సీసీ, అంటే నిష్పత్తి దాదాపు 9.6. బంకమన్ను మీద అతి పలుచని చోటు 2.3 మి.మీ., అది ఇన్‌టేక్ వైపు, రాకర్లను కలిపి బిగించి తిప్పినప్పుడు. పాత జెట్టునూ వీటెక్ జెట్టునూ పక్కపక్కన పెట్టి చూశాక, నా మనసు ఎందుకు ఒప్పుకోలేదో నాకే అర్థమైంది, ఎందుకంటే గాస్కెట్ పరిచి చూసిన ఆ రోజు మాలో ఎవరి కన్నూ ఆ ముక్క మీద పడలేదు. రవాణా కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాను, జవాబు చేతికి వచ్చాకే హెడ్డు ఎక్కిస్తాను. పర్లాకిమిడి పెద్దాయన చెప్పింది నిజమే, ఘాటు కోసమైతే ఇంత అక్కరలేదు. కానీ సాలూరు దాటాక విజయనగరం వైపు తిన్నని రోడ్డు కూడా ఉంది, నాన్నగారి బండి అక్కడ గొంతెత్తితే వినాలని ఉంది.

రాయగడ_లేతుపని

కొలతలు బాగున్నాయి. బిగించేటప్పుడు మూడు జాగ్రత్తలు తీసుకోండి. బ్లాకులోని బోల్టు రంధ్రాల అడుగున ఆయిల్ గానీ నీరు గానీ నిలిచి ఉంటే బోల్టు దిగేటప్పుడు అది నలగక బ్లాకునే పగలగొడుతుంది, కాబట్టి గాలి పట్టి పూర్తిగా ఆరబెట్టండి. టార్క్ రెంచితో నడిమి బోల్టు నుంచి బయటికి, విడతలు విడతలుగా బిగించండి. బెల్టు వేశాక ప్లగ్గులు లేకుండా చేత్తో తిప్పి చూసేటప్పుడు, ఈ ఇంజను క్రాంకు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుందని గుర్తుంచుకోండి. మిగిలిన బండ్ల అలవాటుతో గడియారం ముల్లు దిశలో తిప్పితే బెల్టు వదులై పన్ను దాటుతుంది. ప్లగ్గులు లేకుండానే స్టార్టరుతో గేజి ముల్లు లేచేదాకా తిప్పి, ఆ తరువాతే నిప్పు ఇవ్వండి. వెయ్యి కిలోమీటర్ల తరువాత ఆయిల్ మార్చి, పాత ఆయిల్‌ను తెల్లని గుడ్డలో వడకట్టి, అందులో ఏముందో ఇక్కడ రాయండి.