ఏ ప్రయోగానికి ఏ టెస్టు? బయాలజీ ప్రాక్టికల్స్ లెక్కల చర్చ

తార్నాక_బీజెడ్‌సీ
డిగ్రీ ప్రాక్టికల్స్, ప్రాజెక్టులు దగ్గరపడ్డాయి. ప్రయోగం ఎలా చెయ్యాలో మాన్యువల్‌లో ఉంటుంది. చివర్లో మాత్రం "తగిన గణాంక పరీక్ష వాడండి" అని ఒక్క లైను రాసి వదిలేస్తారు. ఆ తగినది ఏదో చెప్పరు. తెలిసినవాళ్లు ప్రయోగం పేరు, కొలతలు, ఎక్కడ చెడుతుంది, ఏ టెస్టు అన్నీ ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుంది. ముందు నా ప్రశ్న: బంగాళాదుంప ఆస్మాసిస్‌లో (చక్కెర ద్రావణంలో వేసిన ముక్క నీళ్లు పీల్చిందా, వదిలిందా అని బరువుతో చూసేది) ఆరు సుక్రోజ్ గాఢతలు, ఒక్కోదానికి మూడు ముక్కలు, అన్నీ ఒకే దుంపలోవి. ప్రతి రెండు గాఢతలకీ టీ టెస్టు (రెండు సగటుల తేడా యాదృచ్ఛికమా కాదా చూసేది) వేస్తే సరిపోతుందా?

గచ్చిబౌలి_గణాంకం
సరిపోదండీ. రెండు చోట్ల తేడా కొడుతుంది.

మొదటిది ఎన్, అంటే విడివిడి నమూనాల సంఖ్య. ఒకే దుంపలోంచి మూడు ముక్కలు తీస్తే ఎన్ మూడు కాదు, ఒకటే. ఒకే కుండలో మూడు మెతుకులు పట్టి చూసి మూడు కుండలు వండామన్నట్టు ఉంటుంది అది. ఆ మూడు ముక్కల మధ్య తేడా మీ కోతలో, తూకంలో ఉన్న తేడా మాత్రమే. దుంపకీ దుంపకీ ఉండే తేడా అందులోకి రాదు. జీవావరణ శాస్త్రవేత్త హర్ల్‌బర్ట్ 1984లో దీనికి సూడో రెప్లికేషన్ (ఉత్తుత్తి పునరావృతం) అని పేరు పెట్టాడు. ఇప్పటికీ రికార్డుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

రెండోది టీ టెస్టుల సంఖ్య. ఆరు గాఢతలంటే 15 జతలు. ఒక్కో టెస్టులో 5 శాతం పొరపాటుకి చోటిస్తాం. ఆ టెస్టులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటే, అసలు తేడానే లేకపోయినా ఎక్కడో ఒకచోట తేడా కనిపించే అవకాశం 54 శాతం దాకా పోతుంది.

ఇలా చెయ్యండి. ఆరు దుంపలు తీసుకోండి. ప్రతి దుంపలోంచీ ఆరు ముక్కలు తీసి, గాఢతకి ఒకటి చొప్పున వెయ్యండి. ఒక్కో దుంపకి ఒక గ్రాఫ్ గీయండి: అడ్డంగా గాఢత, నిలువుగా బరువులో శాతం మార్పు. గీత సున్నాని దాటే చోటు ఆ దుంప విలువ. మీ చేతికి ఆరు విలువలొస్తాయి, ఎన్ ఆరు. ఉదాహరణకి 0.27, 0.31, 0.29, 0.34, 0.26, 0.30 మోలార్ వచ్చాయనుకోండి. సగటు 0.295, ప్రామాణిక విచలనం (ఎస్‌డీ) 0.029, స్టాండర్డ్ ఎర్రర్ (ఎస్ఈ) 0.012. డీఎఫ్ (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, ఇక్కడ ఎన్ మైనస్ ఒకటి) 5కి టీ విలువ 2.571 కాబట్టి 95 శాతం హద్దులు (అసలు సగటు ఉండొచ్చనుకునే పరిధి) 0.265 నుంచి 0.325 దాకా. 15 టీ టెస్టులు వేసి తెచ్చిన నక్షత్రం గుర్తులకన్నా ("తేడా ఉంది" అని పెట్టేవి) ఈ ఒక్క వాక్యమే ఎక్కువ చెబుతుంది.

వాటర్ పొటెన్షియల్ (నీళ్లు ఎటు కదులుతాయో చెప్పే విలువ) కావాలంటే గాఢతని 0.00831తో, కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణించి మైనస్ పెట్టండి. 30 డిగ్రీల దగ్గర 0.295 మోలార్‌కి మైనస్ 0.74 మెగాపాస్కల్ వస్తుంది. ఉష్ణోగ్రత మాన్యువల్‌లో ఇచ్చిన 25 వెయ్యకండి, ద్రావణంలో థర్మామీటర్ పెట్టి చూసింది వెయ్యండి.

ల్యాబ్_తాళం
లెక్క సరే, ముందు ముక్క సరిగ్గా రావాలి కదా. మోండా మార్కెట్‌లోనో రైతుబజార్‌లోనో కొనేటప్పుడు ఒకే రాశిలోంచి, ఒకే సైజు దుంపలు ఏరుకోండి. కోల్డ్ స్టోరేజీలో ఎక్కువ రోజులున్న దుంపలో పిండి చక్కెరగా మారుతుంది, గీత సున్నాని దాటే చోటు కుడివైపుకి జరుగుతుంది. రెండు రకాల దుంపలు కలిపితే ఆ తేడా అంతా మీ ఎర్రర్‌లో కూర్చుంటుంది.

కార్క్ బోరర్‌తో తీసి, తొక్క తగిలిన కొసలు కోసేసి, 4 సెం.మీ. పొడవుకి స్కేలు పెట్టి బ్లేడుతో తెంపాలి. ద్రావణంలో వేసే ముందూ, తీశాకా ఫిల్టర్ పేపర్ మీద ఒకేలా అద్దాలి. ఒకరు పొర్లించి, ఇంకొకరు గట్టిగా నొక్కితే బరువు అక్కడే మారిపోతుంది. అద్దే పని మొదటినుంచి చివరిదాకా ఒకే మనిషి చెయ్యాలి. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద ముక్కలు పెట్టి బ్యాలెన్స్ దగ్గర లైన్లో నిలబడితే నీళ్లు గాల్లోకే పోతాయి, మూత ఉన్న పెట్రీ డిష్‌లో ఉంచండి. ట్యూబులకి కూడా ఫాయిల్ మూత వెయ్యండి.

నల్లకుంట_నోట్స్
1 మోలార్ సుక్రోజ్‌కి 34.2 గ్రాములు 100 మి.లీ. నీళ్లలో వెయ్యడమేనా సార్?

ల్యాబ్_తాళం
కాదు. ముందు 60 మి.లీ. నీళ్లలో కరిగించి, తర్వాత 100 మి.లీ. గీత దాకా నింపాలి. 100 మి.లీ.లో వేస్తే పరిమాణం పెరిగి గాఢత తగ్గుతుంది. 0.2 కావాలంటే అందులోంచి 20 మి.లీ. తీసి 80 మి.లీ. నీళ్లు. ప్రయోగం రోజు పొద్దున్నే కలపండి, నిన్నటిది ఎండాకాలంలో పులుస్తుంది. బోరు నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటరే.

మారేడ్‌పల్లి_ఆకులు
స్టొమాటా (ఆకు మీది పత్రరంధ్రాలు) లెక్క గురించి రాస్తాను. పైభాగం, కిందిభాగం రెండూ ఒకే ఆకువి కాబట్టి జతల టీ టెస్టు వెయ్యాలి. విడి టీ టెస్టు వేస్తే ఆకుకీ ఆకుకీ ఉన్న తేడా అడ్డొచ్చి, ఉన్న ఫలితం కూడా కనపడకుండా పోతుంది.

పారదర్శకమైన నెయిల్ పాలిష్ పల్చగా ఒక పూత. పూర్తిగా ఆరాక సెల్లోటేప్‌తో లాగి స్లైడ్ మీద అతికించండి. తడిగా ఉండగా లాగితే సాగి ఆకారాలు చెడతాయి. నూగు ఉన్న ఆకులకి ఇది పనికిరాదు. బీన్స్ ఆకు బాగుంటుంది, రెండు వైపులా స్టొమాటా ఉంటాయి, కింద ఎక్కువ. మామిడి లాంటి వాటికి పైన దాదాపు ఏమీ ఉండవు. పై కాలమ్ నిండా సున్నాలుంటే టెస్టు అక్కర్లేదు, చూసింది చూసినట్టు రాస్తే చాలు.

400 రెట్ల దగ్గర ఫీల్డ్ వైశాల్యం కనుక్కోవాలి. ఐపీస్ మీద ఫీల్డ్ నంబర్ 18 ఉంటే, 18ని ఆబ్జెక్టివ్ 40తో భాగిస్తే వ్యాసం 0.45 మి.మీ., వైశాల్యం 0.159 చదరపు మి.మీ. ఒక ఫీల్డ్‌లో 24 కనిపిస్తే చదరపు మి.మీ.కి సుమారు 151. అంచున సగం కనిపించేవాటికి ముందే ఒక నియమం పెట్టుకోండి: ఎడమ, పై అంచులవి లెక్కలోకి, కుడి, కింది అంచులవి బయటికి. ఒక్కో ముఖానికి మూడు ఫీల్డులు చూసి సగటు తీయండి. ఆ సగటే ఆకుకి ఒక్క విలువ. మూడు ఫీల్డులు, పది ఆకులు అంటే ఎన్ పదే, ముప్ఫై కాదు. గచ్చిబౌలి గారు చెప్పిన మాటే ఇక్కడా.

మెహదీపట్నం_ఎంజైమ్
అమైలేజ్ (స్టార్చ్‌ని విడగొట్టే ఎంజైమ్) గురించి ఎవరూ రాయలేదు, టెస్టు ఎక్కువగా తప్పేది అక్కడే.

1 శాతం స్టార్చ్ 5 మి.లీ., పలచన చేసిన లాలాజలం 1 మి.లీ., 30 సెకన్లకోసారి ఒక చుక్క తీసి స్పాటింగ్ టైల్ మీద అయోడిన్‌లో వేస్తారు. నీలం (స్టార్చ్ ఉందనే గుర్తు) రావడం ఆగిన సమయం రాస్తారు. లాలాజల అమైలేజ్‌కి క్లోరైడ్ అయాన్లు కావాలి. డిస్టిల్డ్ వాటర్‌తో మాత్రమే స్టార్చ్ కలిపితే చర్య మందగిస్తుంది, అందుకే కొద్దిగా ఉప్పు వేస్తారు. ఎండాకాలంలో మన గదుల్లో 35 దాటుతుంది. "గది ఉష్ణోగ్రత", "37 డిగ్రీలు" అని రెండు ట్యూబులు పెడితే రెంటికీ తేడా రాదు, ఎంజైమ్‌ని తప్పుపట్టొద్దు. తక్కువ ఉష్ణోగ్రతకి ఐసు నీళ్ల బీకరే పెట్టండి.

ఇక లెక్క. పీహెచ్ 4 ట్యూబు పది నిమిషాలైనా నీలంగానే ఉంటుంది. చాలామంది దానికి "10" అని రాసి సగటు తీస్తారు. అది 10 కాదు, "10 కన్నా ఎక్కువ". ఎంత ఎక్కువో తెలియనిదానికి సగటు ఉండదు. ర్యాంకు మాత్రం ఇవ్వొచ్చు, అన్నిటికన్నా చివరిది. అలాంటి ట్యూబులు ఒకటికన్నా ఎక్కువ ఉంటే అన్నిటికీ ఒకే ర్యాంకు. అందుకే రెండు గుంపుల ర్యాంకులు పోల్చే మాన్ విట్నీ టెస్టు. ఐదూ ఐదూ ట్యూబులుంటే, తేడా ఉందనడానికి ఆ టెస్టులో వచ్చే యు విలువ 2 లేదా అంతకన్నా తక్కువ రావాలి.

తార్నాక_బీజెడ్‌సీ
మూడూ మూడూ చాలవా అక్కా? ట్యూబులు తక్కువున్నాయి.

మెహదీపట్నం_ఎంజైమ్
చాలవు తమ్ముడూ. మూడూ మూడూ అయితే ర్యాంకులు అమరే తీరులు 20. రెండు గుంపులూ పూర్తిగా విడిపోయినా పీ విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) 20లో 2, అంటే 0.1. ఎంత బాగా చేసినా 0.05 కిందికి దిగదు. నాలుగూ నాలుగూ అయితే 70లో 2, 0.029, అది కుదురుతుంది. జతల డేటాకి వాడే విల్‌కాక్సన్ ర్యాంకు టెస్టుకి ఐదు జతలు కూడా చాలవు (32లో 2, 0.0625), ఆరు కావాలి. రెండు కొలతల సంబంధం చూసే స్పియర్‌మన్ టెస్టుకి నాలుగు బిందువులు చాలవు. ఐదుంటే సహసంబంధం కచ్చితంగా 1 వస్తేనే లెక్కలోకి వస్తుంది. ట్యూబులు కడిగే ముందే ఇది చూసుకోవాలి, ప్రయోగం అయ్యాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

గచ్చిబౌలి_గణాంకం
ఈ పోస్టు పైన పిన్ చెయ్యాలి. కై స్క్వేర్ (లెక్కించిన సంఖ్యలు ఆశించినవాటికి ఎంత దూరమో చూసేది) నేను రాస్తాను.

కై స్క్వేర్ లెక్కించిన సంఖ్యలకే, శాతాలకి కాదు. ఎందుకో చూడండి: 20 గింజల్లో 12 నున్నగా, 8 ముడతలుగా ఉన్నాయి, సగం సగం ఆశించాం. నిజమైన సంఖ్యలతో కై స్క్వేర్ 0.8, డీఎఫ్ 1కి హద్దు 3.841, కాబట్టి తేడా లేదు. అదే 60, 40 శాతాలు వేస్తే 4.0 వస్తుంది, హద్దు దాటిపోతుంది. గింజలు అవే, ఫలితం తలకిందులు.

మెండెల్ బఠాణీల ద్విసంకర (రెండు లక్షణాల) అంకెలు 315, 108, 101, 32, మొత్తం 556. 9:3:3:1కి చేస్తే 0.47 వస్తుంది, డీఎఫ్ 3కి హద్దు 7.815. రికార్డులో మీ లెక్క పద్ధతి సరైందో లేదో ముందు ఈ అంకెలతో సరిచూసుకోండి. ఆశించిన సంఖ్య ఏ గడిలోనైనా 5 కన్నా తగ్గితే గడులు కలపాలి, లేదా గింజలు పెంచాలి.

క్లాసులో రక్త గ్రూపులకి హార్డీ వైన్‌బర్గ్ (అల్లీల్, అంటే జన్యు రూపాల పౌనఃపున్యాల నుంచి గ్రూపుల సంఖ్య ఆశించే సూత్రం) చేసేవాళ్లు డీఎఫ్ 3 అని రాస్తారు. నాలుగు గ్రూపులు మైనస్ ఒకటి, అక్కడితో ఆగకూడదు. రెండు అల్లీల్ పౌనఃపున్యాలు అదే డేటా నుంచి అంచనా వేశారు కాబట్టి ఇంకో రెండు తీసెయ్యాలి. డీఎఫ్ 1.

క్వాడ్రాట్_ఉప్పల్
ఫీల్డ్ వర్క్ వాళ్లకి: వానలు పడ్డాక ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ దట్టంగా లేస్తుంది, జులై నుంచి సెప్టెంబర్ దాకా మంచి సమయం. గ్లౌజులు, ఫుల్ స్లీవ్స్ తప్పనిసరి, చర్మానికి దురద పెడుతుంది, పుప్పొడితో తుమ్ములు. కేబీఆర్ నేషనల్ పార్కు, అనుమతి లేకుండా అక్కడ క్వాడ్రాట్ (మొక్కలు లెక్కపెట్టే చదరపు చట్రం) వెయ్యొద్దు.

చట్రం విసరకండి. విసిరితే చెయ్యి తెలియకుండానే మొక్కలున్న వైపు పోతుంది. రెండు టేపులు లంబంగా పరిచి, ఫోనులో యాదృచ్ఛిక అంకెలు తీసి ఆ చోట పెట్టండి. వయ్యారిభామ, గరిక కలిసి ఉంటాయా అని చూడాలంటే ఉంది, లేదు అని మాత్రమే రాసుకుని రెండు బై రెండు పట్టిక. 50 క్వాడ్రాట్లలో రెండూ ఉన్నవి 22, వయ్యారిభామ మాత్రమే 8, గరిక మాత్రమే 6, ఏదీ లేనివి 14 అనుకోండి. కై స్క్వేర్ 9.15, రెండు బై రెండు పట్టికకి వాడే యేట్స్ సవరణతో 7.47. రెండూ 3.841 దాటాయి. కానీ ఇది "ఈ సైజు చట్రంతో" అనే మాటతో కలిపి రాయాలి. చట్రం పెద్దదైతే అన్నీ అన్నిటితో కలిసే కనిపిస్తాయి.

మారేడ్‌పల్లి_ఆకులు
ఉల్లి వేరు మైటోసిస్‌కి (కణ విభజన) ఒక్క మాట. పొద్దున్నే కోసి, 3:1 ఆల్కహాల్, అసిటిక్ ఆమ్లంలో ఒక రోజు. తర్వాత 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల దగ్గర 5 నుంచి 8 నిమిషాలు. తక్కువైతే కణాలు విడిపోవు, ఎక్కువైతే వేరు మెత్తగా చితికిపోయి చేతికే రాదు. మైటోటిక్ ఇండెక్స్‌ని (విభజనలో ఉన్న కణాల వాటా) ట్రీట్‌మెంట్ ఇచ్చినవాటికీ ఇవ్వనివాటికీ పోల్చేటప్పుడు వెయ్యి కణాలు లెక్కపెట్టి కై స్క్వేర్ వేసెయ్యాలనిపిస్తుంది. ఒకే ఉల్లిగడ్డ వేళ్లలోని కణాలు విడివిడి సాక్ష్యాలు కావు. గడ్డకి ఒక ఇండెక్స్ తీసి, ఆరు గడ్డలు, ఆరు గడ్డలు టీ టెస్టు.

నల్లకుంట_నోట్స్
ఎక్సెల్‌లో టీ టెస్టు ఫంక్షన్‌లో చివరి అంకె దేనికి?

గచ్చిబౌలి_గణాంకం
1 అంటే జతలది, 2 అంటే రెండు గుంపుల విచలనం సమానం అనుకుని, 3 అంటే సమానం కాదనుకుని. జత కాకపోతే 3 వాడండి, నష్టం లేదు. దాని ముందు అంకె తోకలు (తేడాని ఒకవైపే చూస్తామా, రెండు వైపులా చూస్తామా), 2 పెట్టండి.

తార్నాక_బీజెడ్‌సీ
అందరికీ థాంక్స్. ఆరు దుంపలతోనే చేస్తున్నాం. తేడా రాకపోతే రికార్డులో "తేడా లేదు" అని రాస్తే సరేనా?

గచ్చిబౌలి_గణాంకం
"తేడా ఉందనడానికి ఈ డేటాలో ఆధారం చాలలేదు" అని రాసి, పక్కనే ఎన్, టెస్టు పేరు, డీఎఫ్, టీ విలువ, పీ విలువ, 95 శాతం హద్దులు ఇవ్వండి. పీ విలువ 0.000 అని చూపిస్తే 0.001 కన్నా తక్కువ అని రాయండి. గ్రాఫ్‌లో గీసిన బార్లు ఎస్‌డీనా ఎస్ఈనా అనేది బొమ్మ కిందే రాయాలి, వైవాలో మొదట అడిగేది అదే.