ప్రపంచమంతా ఒకే తూటా: .30-06 వదిలి .375 కొనాలా?

డాలస్ శీను:
వచ్చే ఏడాది నమీబియా, ఆ తర్వాత అలాస్కా వేటకి ప్లాన్. రెండూ పర్మిట్‌తో, గైడ్‌తోనే. నా దగ్గర .30-06 రైఫిల్ ఉంది. మా ఫ్రెండేమో .375 హెచ్ అండ్ హెచ్ కొనమంటున్నాడు. 1912లో లండన్ హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు తెచ్చిన తూటా, ఏ జంతువుకైనా సరిపోతుంది, ఏ దేశంలోనైనా దొరుకుతుంది అని అతని వాదన. నిజమేనా?

లింపోపో వాసి:
కొనేయ్ తమ్ముడూ. దాని 300 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సెకనుకి సుమారు 2,500 అడుగుల వేగంతో పోతుంది. దూరం పెరిగేకొద్దీ కిందికి దిగడం .30-06 లోని 180 గ్రెయిన్ల బుల్లెట్ లాగే ఉంటుంది, అంటే 200 గజాల్లో జింకకీ పనికొస్తుంది. అడవిదున్నకైతే ఆఫ్రికాలో చాలాచోట్ల చట్టమే కనీసం .375 ఉండాలంటుంది. నమీబియాలో తూటా శక్తి లెక్క చూస్తారు. దున్నకి 5,400 జౌళ్లు కావాలి, .30-06 సుమారు 4,000 దగ్గరే ఆగిపోతుంది. పైగా .375 కేస్ (తూటా ఇత్తడి తొడుగు) పొడవుగా, ముందుకి సన్నబడుతూ ఉంటుంది కాబట్టి ఎండలో వేడెక్కినా చాంబర్‌లో, అంటే తుపాకీలో తూటా కూర్చునే చోట, అంత తేలిగ్గా ఇరుక్కోదు.

కొలరాడో కుర్రాడు:
అన్నా, శీను దున్నని కొడతానన్నాడా? కుడు, ఒరిక్స్ లాంటి పెద్ద జింకజాతి జంతువులకి అదే నమీబియాలో 2,700 జౌళ్లు చాలు. .375 దాదాపు రెట్టింపు తన్నుతుంది. భుజానికి భయం పట్టుకుంటే గురి ఏం కుదురుతుంది? ఇక దొరకడం అంటారా, ఇక్కడ చిన్న ఊరి హార్డ్‌వేర్ షాపులో కూడా .30-06 పెట్టెలుంటాయి. .375 అడిగితే ఆర్డర్ పెట్టుకోమంటారు.

మన్యం బాబాయ్:
ఎక్కడైనా దొరుకుతుందనేది పాత షికారు కబురు. షాపులో ఉన్నంత మాత్రాన నీకు అమ్మరు, పర్మిట్‌లో ఆ క్యాలిబర్ (తూటా సైజు, బోరు అన్నా అదే) రాసుండాలి. మన ఇండియాలోనే చూడండి, .303 సైన్యం తూటా కాబట్టి నిషేధిత బోరు, లైసెన్సుదారులకి మిగిలింది .315. (1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేటే లేదనుకోండి, అది వేరే గొడవ.) ఫ్రాన్స్‌లో .30-06 కూడా సైనిక క్యాలిబర్ అని 2013 దాకా ఆంక్షల్లోనే ఉంది. .375 కి ఆ ముద్ర లేదు. నేను దానికి ఓటేసేది ఆ ఒక్క కారణానికే, షాపులు చూసి కాదు.

కొలరాడో కుర్రాడు:
బాబాయ్, అతను ఫ్రాన్స్ వెళ్లట్లేదు కదా!

డాలస్ శీను:
దున్న లేదు. నమీబియాలో ఒరిక్స్, కుడు. అలాస్కాలో మూస్ (భారీ దుప్పి).

లింపోపో వాసి:
ముందే చెప్పొచ్చుగా! అయితే .30-06 చాలు, 180 గ్రెయిన్ల గట్టి బుల్లెట్ తీసుకో. తూటాలు మాత్రం ఆఫ్రికా వచ్చాక కొనుక్కుందాంలే అనుకోకుండా వెంట తెచ్చుకో, విమానంలో మామూలుగా 5 కిలోల దాకా ఒప్పుకుంటారు. దున్న మీద మనసు పడిన రోజు .375 మాట మళ్లీ ఎత్తుతా.