నేనూ ఆ కోవదాన్నే: ఆన్ సెక్స్‌టన్ కవితలో ఒక మకుటం

అమెరికన్ కవయిత్రి ఆన్ సెక్స్‌టన్ రాసిన ‘హర్ కైండ్’లో మూడు చరణాలున్నాయి. మూడూ ఒకే మాటతో ముగుస్తాయి: నేనూ ఆ కోవదాన్నే. మన శతకాల లెక్కలో అది మకుటమే. అయితే దాని పై పాదం ప్రతిసారీ మారుతుంది. అలాంటి ఆడది పూర్తిగా ఆడది కాదు. అలాంటి ఆడదాన్ని లోకం అపార్థం చేసుకుంటుంది. అలాంటి ఆడది చావడానికి సిగ్గుపడదు. ఈ మూడింటి కిందా అదే సంతకం.

మొదటి చరణంలో రాత్రిపూట ఇళ్ల మీదుగా ఎగిరే మంత్రగత్తె, పన్నెండు వేళ్లది. మూడో చరణంలో బండెక్కించి ఊళ్ల మీదుగా శిక్షకు తీసుకెళ్తున్న మనిషి. నాకు మాత్రం అసలు కవిత రెండో చరణమే అనిపిస్తుంది. అడవిలో వెచ్చని గుహ. అందులో మూకుళ్లు, అరలు, బీరువాలు, పట్టుబట్టలు. పురుగులకు రాత్రి భోజనం వండిపెడుతోంది ఆవిడ! ఇల్లు విడిచి అడవికి పోయినా ఇంటిపని తప్పలేదన్నమాట.

ఇది ఎవరి గుహో సెక్స్‌టన్ జీవితం తెలిస్తే అర్థమవుతుంది. పుట్టింది 1928లో, మాసచూసెట్స్‌లో. 19 ఏళ్లకే పెళ్లి, తర్వాత ఇద్దరు ఆడపిల్లలు. కాన్పుల తర్వాత డిప్రెషన్ ముదిరింది. 1956లో ఆత్మహత్యకు ప్రయత్నించి ఆస్పత్రి పాలైంది. కవిత్వం రాయమని చెప్పింది ఆమెకు వైద్యం చేసిన డాక్టర్ మార్టిన్ ఓర్న్. ఆ డిసెంబరులో టీవీలో సాహిత్య విమర్శకుడు ఐ.ఎ. రిచర్డ్స్ సానెట్ (పద్నాలుగు పాదాల కవిత) గురించి పాఠం చెబుతుంటే చూసి, కాగితం తీసుకుని కూర్చుంది. 1967లో కవిత్వానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. 1974లో, 45 ఏళ్ల వయసులో, తన ప్రాణం తానే తీసుకుంది.

మా గోష్ఠిలో ఇంతవరకు చెప్పేసరికి ఒక సభ్యురాలు: అయితే ఇదంతా ఆత్మకథే కదండీ? పడ్డ బాధ పడ్డట్టే రాసేసింది.

అంత తిన్నగా లేదమ్మా వ్యవహారం. యుద్ధంలో చనిపోయిన తమ్ముడి మీద ఆమెదొక కవిత ఉంది. ఆమెకు అన్నదమ్ములే లేరు, ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఆఖరిది. కన్న బిడ్డను ఆస్పత్రిలోనే వదులుకునే పెళ్లికాని తల్లి గొంతుతో ఇంకోటి రాసింది. అదీ జరిగిన కథ కాదు. కానీ ఆమెకు జబ్బు చేసినప్పుడు చిన్న కూతురు నానమ్మ దగ్గర పెరిగింది. ఆ అపరాధ భావం తనదే, కథ మాత్రం వేరొకరిది. ‘హర్ కైండ్’ కూడా ఒక్క ఊపులో వచ్చింది కాదు. 1957లో వేరే పేరుతో మొదలుపెట్టి, 1959లో తిరగరాసింది. మైండ్, డిసలైన్డ్, వైండ్ అని ప్రతి చరణం ఐదో పాదాన్నీ ఆఖరి ‘కైండ్’తో ప్రాస కుదిర్చింది. మతి చెదిరిన మనిషి గురించి ఇంత లెక్కగా రాయడమే ఇందులో విశేషం.

మరొకరు: మాస్టారూ, ఆవిడ డాక్టర్ దగ్గర మాట్లాడిన టేపులు బయటికొచ్చాయట. అవి వింటే కవితలు ఇంకా బాగా తెలుస్తాయేమో?

సిట్టింగ్‌లో చెప్పింది తర్వాత ఆమెకు గుర్తుండేది కాదు. అందుకని ఓర్న్ రికార్డు చేసేవాడు. 1991లో వచ్చిన జీవితచరిత్రకు ఆ టేపులు వాడుకున్నారు. పెద్ద కూతురు ఒప్పుకుంది, డాక్టర్లలో చాలామంది మండిపడ్డారు. మండిపడటం న్యాయమే అంటాను. వాటివల్ల మనిషి గురించి తెలుస్తుందేమో గానీ, పాదం ఎందుకు అక్కడ విరిగిందో తెలియదు.

దానికి బదులు ఇది చూడండి. ఆమెకు కవిత్వం నేర్పిన జాన్ హోమ్స్, పిచ్చాసుపత్రి కవితలు అచ్చు వేయొద్దని చెప్పాడు. ఆమె కవితతోనే జవాబిచ్చింది. అది అందంగా ఉందని కాదు, చివరికి అక్కడ ఏదో ఒక క్రమం కనిపించిందని రాసింది. 1960 నాటి మొదటి పుస్తకంలో ఆ జవాబు వెనకే ‘ది డబుల్ ఇమేజ్’ అనే కవిత వస్తుంది. అందులో కూతురితో అంటుంది: ఆడపిల్లనన్న నమ్మకం నాకే పూర్తిగా ఎప్పుడూ లేదు, నన్ను నేను వెతుక్కోవడానికి నిన్ను కన్నాను. ముందు ఆ రెండూ వరసగా చదవండి, టేపుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.