అడీనియంకి ఏ కాలంలో ఎన్ని నీళ్ళు? ఒకటి కుళ్ళి పోయింది, రెండోది కూడా మెత్తబడుతోంది

పూలపిచ్చి:
అందరికీ నమస్కారం అండి. నా దగ్గర రెండు అడీనియంలు ఉండేవి, అదే ఎడారి గులాబీ అంటారు కదా, ఇప్పుడు ఒకటే మిగిలింది. మొదటిది పోయిన వానాకాలంలో పోయింది, పోయింది ఏంటి నేనే చంపుకున్నా. ఆకులు పసుపు రంగుకి తిరిగి రాలుతుంటే పాపం దాహం వేస్తోందేమో అనుకుని రోజూ చెంబెడు పోశా, పది రోజులయ్యాక కింద లావుగా ఉండే దుంప ముట్టుకుంటే వేలు లోపలికి దిగిపోయింది, వాసన కూడా.

ఆ దెబ్బకి భయపడి రెండోదానికి చలికాలం అంతా దాదాపు నీళ్ళు మానేశా. ఇప్పుడు ఒక్క ఆకు లేదు, మోడులా నిలబడింది. దుంప ముందు రాయిలా ఉండేది ఇప్పుడు నొక్కితే కొంచెం లోపలికి పోతోంది. పోస్తే కుళ్ళుతుందేమో అని భయం, పోయకపోతే ఎండిపోతుందేమో అని భయం. ఒకళ్ళు వారానికోసారి పొయ్యమంటారు, ఇంకొకళ్ళు అది ఎడారి మొక్క అసలు నీళ్ళే వద్దంటారు. ఏ సీజన్లో ఎంత పొయ్యాలో అనుభవం ఉన్నవాళ్ళు కొంచెం చెప్పరా ప్లీజ్. 12 అంగుళాల ప్లాస్టిక్ కుండీ, కింద ప్లేటు ఉంది, కొన్నప్పుడు ఉన్న మట్టే, మార్చలేదు.

మోడుచిగురు:
కంగారు పడకండి, ఆకులు రాలడం ఒక్కటే అయితే అది జబ్బు కాదు, చలికి నిద్రపోతుంది అంతే. ముందు ఆ మెత్తదనం ఏ రకమో చూడండి. దాహం అయితే దుంప అంతా ఒకేలా, గాలి కొంచెం దిగిన బంతిలా ఉంటుంది, పైన తోలు సన్నగా ముడతలు పడుతుంది, రంగు మారదు. కుళ్ళు అయితే ఒక్కచోట మొదలవుతుంది, అక్కడ మాత్రమే పిసపిసలాడుతుంది, రంగు నల్లబడుతుంది, నొక్కితే నీరు కారుతుంది.

ఇంకో చిక్కు ఉంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వేళ్ళు కుళ్ళిపోతే మొక్క నీళ్ళు తాగలేదు కదా, అప్పుడు కూడా దుంప ముడుచుకుని అచ్చం దాహం వేసినట్టే కనిపిస్తుంది. మనం జాలిపడి ఇంకా పోస్తాం. మీ మొదటి మొక్కకి జరిగింది అదే అయ్యుంటుంది. అందుకని ఒక సన్న పుల్ల కుండీ అడుగుదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీసి చూడండి. పొడిగా వస్తే దాహం. మట్టి తడిగా ఉండి కూడా దుంప ముడుచుకుపోయింది అంటే వేరు పోయింది, వెంటనే పీకి చూడాల్సిందే. పుల్ల ఎలా వచ్చిందో చెప్పండి, అప్పటిదాకా నీళ్ళు ముట్టొద్దు.

ఎర్రకుండీ:
పైన చెప్పింది కరెక్ట్. సీజన్ల సంగతి నేను చెప్తా, కొంచెం పెద్దదవుతుంది ఓపిగ్గా చదవండి.

ముందు ఆ "ఎడారి మొక్కకి నీళ్ళు వద్దు" అనే మాట మర్చిపోండి. ఇది సహారాకి దిగువన ఉన్న ఆఫ్రికా నుంచి అరేబియా దాకా ఉండే మొక్క, అక్కడ కూడా వాన పడే నెలల్లో గట్టిగా తాగి దుంపలో దాచుకుంటుంది, ఎండు నెలల్లో ఆకులు దులిపేసుకుని దాచుకున్న దాంతో గడుపుతుంది. ఆ దాచుకున్నది చావకుండా ఉండటానికి, పూలు పుయ్యడానికి కాదు. నీళ్ళు లేకుండా బతుకుతుంది నిజమే, కానీ బాగా పుయ్యాలంటే తాగాలి.

ఎండాకాలం, ఒంటినిండా ఆకులు ఉన్నప్పుడు నేను మొహమాటం లేకుండా పోస్తా. చిన్న కుండీ అయితే ఒక్కోసారి రోజూ, పెద్దవాటికి రెండు మూడు రోజులకి. పోసినప్పుడు అడుగు రంధ్రాల్లోంచి ధారగా బయటికి వచ్చేదాకా, మళ్ళీ మట్టి బాగా ఆరేదాకా ఆగి. రోజూ అరగ్లాసు అరగ్లాసు చిలకరించడం ఉందే అదే అన్నిటికంటే చెడ్డ అలవాటు, పైన తడిగా కనిపిస్తుంది, అడుగు వేళ్ళకి సరిగ్గా అందదు.

వానాకాలం అసలు పరీక్ష. మబ్బు పట్టి నాలుగైదు రోజులు ముసురు పడితే మట్టి ఆరదు, వేళ్ళకి గాలి ఆడదు, బూజు జాతి తెగుళ్ళకి అదే పండగ. కుండీని చూరు కిందకి లాగండి, లాగలేకపోతే కనీసం కింద ఇటుక పెట్టి ఎత్తండి. అప్పుడు మీరు పొయ్యాల్సిన పని దాదాపు ఉండదు, పుల్ల పొడిగా వస్తేనే.

చలికాలం క్యాలెండర్ చూడొద్దు, రాత్రి చలి చూడండి. రాత్రిపూట 15 డిగ్రీల కిందకి జారుతుంటే తగ్గిస్తూ రండి, 10 దగ్గరికి వస్తుంటే పూర్తిగా ఆపెయ్యండి. ఆకులే కదా నీళ్ళు లాగేది, ఆకుల్లేని మొక్క తాగదు, మీరు పోసింది అలాగే చల్లగా మట్టిలో నిలబడిపోతుంది. తడి, చలి, ఈ రెండూ కలిస్తే ఇంకా త్వరగా చస్తుంది, విడివిడిగా దేనికైనా కొంతవరకే తట్టుకుంటుంది. చలి అంతగా లేనిచోట అయితే ఆకులు రాల్చదు కూడా, అప్పుడు ఆపొద్దు, వ్యవధి పెంచితే చాలు. ఆ, గింజ మొక్కలు, అంటే ఏడాది లోపువి, వాటి దుంపలో పెద్దగా నిల్వ ఉండదు, వాటిని మాత్రం నెలల తరబడి ఎండబెట్టకండి.

వెచ్చబడి కొమ్మల చివర చిగురు కనపడితే అప్పుడు మొదలుపెట్టండి, అది కూడా కొద్దికొద్దిగా, ఆకులు విచ్చుకునే కొద్దీ పెంచుతూ. చిగురు చూసిన సంతోషంలో బకెట్ కుమ్మరించి చంపినవాళ్ళని చూశా నేను.

గులకరాయి:
నేను ఒప్పుకోను బాస్. నావి ఏడేళ్ళుగా వానలోనే తడుస్తున్నాయి ఒక్కటి కూడా కుళ్ళలేదు. గొడవ నీళ్ళది కాదు మట్టిది. నా మిక్స్‌లో సగానికి పైన గరుకు ఇసుక, ఇటుక ముక్కలు, పెర్లైట్ (నీరు నిలవకుండా వేసే తేలికైన తెల్ల గుళికలు) ఉంటాయి, కొంచెం కంపోస్టు, అంతే. పైన పోస్తే అర నిమిషంలో కింద కారిపోతుంది. మట్టి కుండీ, ప్లేటు లేదు. సన్న ఇసుక మాత్రం వాడకండి, అది సిమెంటులా పేరుకుపోతుంది. నర్సరీ నుంచి వచ్చిన మొక్కలకి వేళ్ళ మధ్యలో చాలాసార్లు కొబ్బరి పొట్టు ముద్ద ఉంటుంది, పైన ఎండిపోయినా లోపల వారాల తరబడి చెమ్మ పట్టుకుని కూర్చుంటుంది. అది దులపకుండా సీజన్లు గీజన్లు అని ఎంత లెక్కేసినా దండగ.

ఎర్రకుండీ:
గులకరాయి గారూ మట్టి మాట నిజమే, కాదనను. కానీ మీ మిక్స్‌లో పెట్టినవాళ్ళు ఎండాకాలం రోజూ పోయాల్సి వస్తుంది, రెండు రోజులు ఊరెళ్తే ఆకులు వేలాడేస్తాయి, అది కూడా చెప్పాలి కదా.

గులకరాయి:
వేలాడితే నీళ్ళు పోస్తే సాయంత్రానికి లేస్తాయి, కుళ్ళితే లేవదు 😄

పూలపిచ్చి:
అయ్యో పుల్ల పైన సగం పొడిగా అడుగు సగం తడిగా వచ్చిందండి, చలికాలం మొత్తంలో నేను పోసింది మూడుసార్లే. కింద ప్లేటులో మంచు నీళ్ళో ఏవో సన్నగా నిలిచి ఉన్నాయి, నేను చూసుకోనేలేదు. మొక్క పీకేశా. గులకరాయి గారు చెప్పినట్టే మధ్యలో కొబ్బరి పొట్టు ముద్ద, పిండితే చెయ్యి తడిసింది. రెండు వేళ్ళు గోధుమ రంగులో ఉన్నాయి, లాగితే తొక్క ఊడి వచ్చేసింది. దుంప మాత్రం బాగానే ఉన్నట్టుంది, మచ్చలేమీ లేవు. ఇప్పుడేం చెయ్యను?

మోడుచిగురు:
బతికింది పొండి, సరైన టైంలో పీకారు. ఆ ముద్ద అంతా దులిపెయ్యండి, నీళ్ళతో కడిగినా పర్లేదు. బ్లేడు స్పిరిట్‌తో తుడిచి కుళ్ళిన వేళ్ళు కొయ్యండి, కోసినచోట గోధుమ రంగు చుక్క కనపడితే ఇంకొంచెం పైకి, మొత్తం తెల్లగా కనపడేదాకా. ప్రతి కోతకి బ్లేడు మళ్ళీ తుడవాలి, బద్ధకించొద్దు.

గ్లవ్స్ వేసుకోండి ముఖ్యంగా. ఇది గన్నేరు కుటుంబం మొక్క, పాలు విషం, గుండె మీద పనిచేసే రకం, ఆఫ్రికాలో వేటగాళ్ళు బాణాలకి పూసేవాళ్ళు. ఆ చేత్తో కళ్ళు నలుపుకోవద్దు, కోసిన ముక్కలు పిల్లలకి, కుక్కలకి, పిల్లులకి దొరకనివ్వొద్దు.

తర్వాత నీడలో గాలి తగిలేచోట వారం పది రోజులు ఊరికే పడెయ్యండి. భయంగా ఉంటుంది కానీ ఏమీ కాదు, కోతలు ఎండి గట్టిపడాలి. అప్పుడు పొడి మిక్స్‌లో నాటండి, పెద్ద కుండీ వద్దు, దుంప చుట్టూ రెండు మూడు చేతివేళ్ళ వెడల్పు జాగా ఉంటే చాలు. నాటాక ఇంకో వారం ఆగి కొంచెం తడపండి, చలి ఇంకా ఉంటే చిగురు కనపడేదాకా ఆగండి. ఎరువు గట్రా ఆకులు వచ్చాకే.

పూలపిచ్చి:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. కోసేశా, మూడు వేళ్ళు పోయాయి, రెండు అనుకుంటే ఇంకోటి లోపల బయటపడింది. ఇప్పుడు కిటికీ దగ్గర పేపర్ మీద తలకిందులుగా పడుకుని ఉంది, ఇంట్లో అందరూ ఇదేంటి దుంపకూరా అని అడుగుతున్నారు, ముట్టుకోవద్దని పక్కన చీటీ రాసి పెట్టా. ప్లేటు తీసి చెత్తబుట్టలో వేశా.

గులకరాయి:
ప్లేటు పారెయ్యడం ఎందుకండీ, పిట్టలకి నీళ్ళు పెట్టుకోవచ్చుగా. పది రోజులయ్యాక ఫోటో పెట్టండి, కోతలు ఎండాయో లేదో చూసి చెప్తాం.