మూడు వందల సీడీల ఛేంజరును ఇంట్లో పెట్టుకోవచ్చునా? సముద్రగాలి తగిలే ఊళ్లో ఉన్నవారి సలహా కావాలి

కావలి శ్రోత (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ తరువాత కావలిలో స్థిరపడ్డాను. 1990ల మధ్య నుంచి కొంటూ వచ్చిన సీడీలు ఇప్పుడు 340 దాకా తేలాయి. వాటిలో సగానికి పైగా కర్ణాటక సంగీతం. డిసెంబరు కచేరీలకు మద్రాసు వెళ్లినప్పుడల్లా సంచీ నింపుకొని వచ్చినవి. ఘంటసాల, సుశీల, బాలసుబ్రహ్మణ్యం పాడిన సినిమా పాటలు ఒక ఎనభై ఉంటాయి. మరో నలభై మాత్రం అంగట్లో దొరికేవి కావు. మా బంధువుల పెళ్లిళ్లలోనూ, మా ఊరి గుడి ఉత్సవాలలోనూ క్యాసెట్లకు ఎక్కించిన నాదస్వర కచేరీలను కంప్యూటరులోకి తీసుకొని, నేనే రాసుకొన్న సీడీ-ఆర్‌లు అవి.

అమెరికాలో ఇల్లు ఖాళీ చేస్తున్న మా బావమరిది, తన 300 డిస్కుల ఛేంజరును (లోపల పెట్టిన సీడీలలో అడిగినదాన్ని తానే తీసి పాడించే యంత్రం) పెట్టెలో కట్టించి ఈ వేసవిలో నాకు తెచ్చి ఇచ్చాడు. వెడల్పు మామూలు యాంప్లిఫయరంతే గాని లోతు అడుగున్నర ఉన్నందువల్ల మా టీవీ బల్ల మీద ముందుకు పొడుచుకొని వస్తున్నది. తలుపు తెరిస్తే లోపల పెద్ద చక్రం, దాని చుట్టూ దువ్వెన పళ్లలాగా నిలువు గాళ్లు, ఒక్కో గాడికి ఒక్కో అంకె కనిపిస్తాయి. చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తూ మా ఇంటావిడ, "ఇది పాటల పెట్టా, గానుగా?" అని అడిగింది.

ఇంకా కరెంటు పెట్టలేదు. అమెరికా యంత్రం మన కరెంటుకు ఆగుతుందా? తుమ్మలపెంట సముద్రం మాకు దగ్గరే కాబట్టి ఈ ఉప్పుగాలికి లోపలి భాగాలు పాడవుతాయా? డిస్కులు చాలావరకు ఇందులోకి చేరితే ఖాళీ డబ్బాలను పారవేసి బీరువాలో రెండు అరలు మిగుల్చుకోవచ్చునా? మా అబ్బాయి మాత్రం ఇవన్నీ ఫోనులోకి ఎక్కించి యంత్రాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేయమంటున్నాడు. ఇలాంటి యంత్రాన్ని స్వయంగా వాడినవారు చెబితే సంతోషిస్తాను.

పెన్నాతీరం (నెల్లూరు):

కావలి శ్రోత గారికి నమస్కారం. మా ఇంట్లో 200 డిస్కుల ఛేంజరు పద్నాలుగేళ్లుగా ఉంది. మధ్యలో ఏడాదిన్నర మూలన పడి ఉన్న కాలాన్ని తీసివేసినా పన్నెండేళ్లకు పైగా పాడింది కాబట్టి, నాకు తెలిసినది కొంచెం వివరంగానే రాస్తాను. నా జవాబు పూర్తయ్యేదాకా దయచేసి ప్లగ్గు జోలికి వెళ్లకండి.

యంత్రం వెనక పలక మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో టార్చిలైటు వేసి చదవండి. అమెరికాలో అమ్మినదైతే దాదాపుగా 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. దానిని మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మరు గాని ఫ్యూజు గాని కాలిపోతుంది. ఇలాంటి యంత్రాలు లాగే కరెంటు చాలా తక్కువ కాబట్టి వోల్టులను తగ్గించి ఇచ్చే 100 వాట్ల మంచి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ధారాళంగా సరిపోతుంది. మనది 50 హెర్ట్జ్ కదా, పాట నెమ్మదిస్తుందేమో అని కొందరు భయపడతారు. కరెంటు లయను బట్టి మోటారు తిరిగే పాత గ్రామఫోన్ల విషయంలో ఆ భయం నిజమే. సీడీ వేగాన్ని మాత్రం లోపలి క్వార్ట్జ్ స్ఫటికం అదుపులో ఉంచుతుంది. శ్రుతి వెంట్రుకవాసి కూడా మారదు.

సముద్రగాలి గురించి అడిగారు. నా అనుభవంలో ఉప్పు కన్నా వాడకపోవడమే ఎక్కువ చెరుపు చేసింది. సోనీ, పయనీర్ వంటి కంపెనీలు ఈ ఛేంజర్లను 100 డిస్కుల నుంచి 300, 400 దాకా పెంచుకొంటూ పోయినా, పని జరిగే పద్ధతి దాదాపు ఒకటే. చక్రం తిరిగి, అడిగిన గాడిని పాడే భాగానికి ఎదురుగా తెచ్చి నిలుపుతుంది. ఒక చిన్న చేయి డిస్కును అంచున నెట్టి, నిలువుగానే రెండు బిగింపుల మధ్యకు చేరుస్తుంది. పాట అయ్యాక మళ్లీ అదే గాడిలోకి దించుతుంది. ఆ చేతిని కదిలించేది చేతి గాజు కన్నా చిన్నదైన ఒక రబ్బరు బెల్టు. అది సాగినా, జారినా, పాతబడిన గ్రీజు మైనంలాగా గట్టిపడినా డిస్కు సగం దారిలో ఆగిపోతుంది, తెర మీద డిస్కు లేదని వస్తుంది. వెంటనే అందరూ లేజరు పోయిందంటారు.

మా యంత్రం ఏడాదిన్నర మూలన పడింది అందుకే. నెల్లూరులో ఒకరు లేజరు మార్చాలన్నారు, మరొకరు ఇది బాగుపడే సరుకు కాదన్నారు. చివరికి మా వీధి చివర మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేసే పెద్దాయన పై మూత విప్పి, పుల్లీని వేలితో మెల్లగా తిప్పి ఇరుక్కున్న డిస్కును బయటికి తెచ్చి, "దీనికి జబ్బేం లేదు సామీ, బెల్టు సాగింది, అంతే" అన్నాడు. ఆ తరువాత పట్టకారుతో పళ్ల చక్రంలోంచి ఒక బియ్యపు గింజను తీసి నా అరచేతిలో పెట్టాడు. గింజ మీద పసుపు ఇంకా పోలేదు! ఆయుధపూజ నాడు మా అమ్మగారు స్కూటరుతో పాటు దీనికి కూడా అక్షింతలు వేసిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. బొట్టు పెట్టుకోండి, తప్పులేదు. తలుపు మాత్రం మూసి ఉంచి పెట్టండి.

ఆ కొలత బెల్టు నెల్లూరులో దొరకలేదు. పాతదాన్ని పొట్లం కట్టుకొని పినాకిని రైలులో చెన్నై వెళ్లి, రిచ్చీ స్ట్రీటులో నాలుగు అంగళ్లు తిరిగి రెండు బెల్టులు కొన్నాను. ఒకటి వేయించాను, రెండవది ఇప్పటికీ సీసాలో దాచి ఉంది. వారానికి ఒకసారైనా అటు చివర, ఇటు చివర గాళ్లలోని డిస్కులను పాడించండి. మన కార్తీకమాసపు ముసురులో మరీ ముఖ్యం. ప్లాస్టిక్ కవరు కప్పితే చెమ్మ లోపలే నిలిచిపోతుంది, పలుచని నూలుగుడ్డ మేలు.

అన్నిటికన్నా పెద్ద పని ఇంకా చెప్పలేదు. ఏ గాడిలో ఏముందో రాసిపెట్టుకోకపోతే 300 డిస్కుల యంత్రం తాళంచెవి పోయిన భోషాణం అవుతుంది. మా యంత్రంలో ఒక్కో డిస్కుకు పేరు పెట్టే సౌకర్యం ఉంది గాని, 13 ఇంగ్లీషు అక్షరాలకు మించి పట్టవు. బాలమురళీకృష్ణ పేరుకు 17 అక్షరాలు కావాలి. చివరి నాలుగూ తెగిపోయి ఆ మహానుభావుడు మా ఇంట్లో నేటికీ "బాలమురళీక్రి" గానే ఉన్నాడు. అందువల్ల ఒక పొడుగు చిట్టా పుస్తకం కొని అంకె, కళాకారుడు, వాద్యం, ముఖ్యమైన రాగాలు తెలుగులో రాసుకోండి. గాత్రానికి ఇన్ని గాళ్లు, వీణకూ వేణువుకూ ఇన్ని అని విడగొట్టి, ప్రతి గుంపు చివరా పది గాళ్లు ఖాళీగా వదలండి. నేను మొదట అక్షరక్రమంలో నింపి, ఒక్క కొత్త డిస్కు కోసం నూట ముప్పై డిస్కులను ఒక్కో గాడి చొప్పున జరిపినవాడిని.

డబ్బాలను మాత్రం పారవేయవద్దు. యంత్రాన్ని ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి మార్చేటప్పుడు డిస్కులన్నీ బయటికి తీయాలని దానితో వచ్చే పుస్తకాలలోనే రాసి ఉంటుంది. అప్పుడు డబ్బాలు లేకపోతే 300 డిస్కులను ఎక్కడ పెడతారు? పైగా పక్కవాద్యాలు ఎవరివో, ఏ కీర్తన ఏ రాగమో ఉండేది ఆ డబ్బాలోని కాగితాల మీదే.

ఒంగోలు రికార్డులు:

పెన్నాతీరం గారు చెప్పిన దానిలో యంత్రం గురించిన భాగానికి నేను చేర్చవలసినది ఏమీ లేదు. అయితే నాకు దిగులు ఛేంజరు మీద కాదు, ఆ నలభై సీడీ-ఆర్‌ల మీద.

అంగట్లో కొన్న సీడీలో పాట ప్లాస్టిక్‌లో గుంటలుగా అచ్చుపడి ఉంటుంది, దాని వెనక అల్యూమినియం పూత ఉంటుంది. ఇంట్లో రాసుకొన్న సీడీ-ఆర్‌లో పాటను మోసేది ఒక రంగు పొర. అది ఎండకూ, వేడికీ, కాలానికీ వెలిసిపోతుంది. మన రోహిణి కార్తె ఎండల్లో కిటికీ పక్కన పెట్టిన నా డిస్కులు రెండు, అయిదేళ్లకే చివరి పాటల దగ్గర తడబడసాగాయి. సీడీని లోపలి అంచు నుంచి బయటికి చదువుతారు కాబట్టి చివరి పాటలు బయటి అంచున ఉంటాయి. ముందుగా దెబ్బతినేదీ ఎక్కువగా అక్కడే. ఇంకొక మాట: డిస్కుకు మెరిసే వైపు గీత పడితే చాలాసార్లు రుద్ది బాగుచేయవచ్చు గాని, పేరు రాసే వైపు గీత లోతుగా పడితే పూతే లేచిపోతుంది, దానికి మందు లేదు. ఆ వైపు కాగితపు లేబుళ్లు అంటించి ఉంటే వాటిని ఛేంజరులో అసలు పెట్టవద్దు. మూల లేచిన లేబులు గాడిలో పట్టుకొంటే మూత విప్పక తప్పదు.

మీ అబ్బాయి చెప్పిన దానిలో సగం సరైనదే. నకలు తీయండి, యంత్రాన్ని మాత్రం ఇచ్చేయవద్దు. ఛేంజరు నుంచే కంప్యూటరుకు తీగ కలిపి తీద్దామనుకొంటే పాట పాడినంతసేపూ పడుతుంది. డిస్కుకు గంట చొప్పున 340 గంటలు. కంప్యూటరు డ్రైవులో పెట్టి తీస్తే డిస్కుకు పది నిమిషాలు పట్టవచ్చు. రోజుకు ఇరవై చొప్పున 17 రోజుల పని. ఎంపీత్రీ చేయకుండా, ఒక్క అణువు కూడా పోని ఫ్లాక్ పద్ధతిలో దాచండి. డిస్కుకు సుమారు 350 ఎంబీ అనుకొంటే మొత్తం 120 జీబీ దాటదు. రెండు చోట్ల రెండు ప్రతులు ఉంచి, ఒకటి వేరే ఊళ్లో మీ అబ్బాయి దగ్గరే పెట్టండి. ఆ నలభైతోనే మొదలుపెట్టండి.

ఒక్కటి అడగవచ్చునా? ఆ నాదస్వర కచేరీలలో షేక్ చినమౌలానా గారిది ఏదైనా ఉందా? ఆయన మా ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టారు. అప్పటికి ప్రకాశం జిల్లా ఏర్పడనే లేదు, కరవది గుంటూరు జిల్లాలో ఉండేది. తరువాత ఆయన శ్రీరంగంలో స్థిరపడినా మా వైపు వారికి ఆయన కరవది మనిషే. అలాంటి వాయిద్యం పెళ్లిపందిట్లో క్యాసెట్టుకు ఎక్కి ఉంటే దానికి డబ్బుతో వెల కట్టలేము. అందుకే అడిగాను.

కందుకూరు బాటసారి:

నాది చేదు అనుభవం. వాడిన ఛేంజరును హైదరాబాదులో ఒకరి దగ్గర కొన్నాను. అమ్మినాయన మర్యాదకు తన డిస్కులు వంద లోపలే ఉంచి పార్సిలు పంపాడు. ఒక్కో డిస్కు 15 గ్రాములే అయినా వంద కలిస్తే కిలోన్నర. దారి పొడవునా అవి గాళ్లలోంచి దూకి చక్రం కింద చేరి, పళ్లను విరగ్గొట్టాయి. ఆ పళ్ల చక్రం నాకు ఎక్కడా దొరకలేదు. ప్రస్తుతం మామూలు ఒక్క డిస్కు ప్లేయరుతోనే వింటున్నాను. నిజం చెప్పాలంటే, లేచి వెళ్లి డిస్కు మార్చడం నాకు భారంగా లేదు. పైగా ఏది వింటున్నానో తెలిసి వింటున్నాను. కావలి శ్రోత గారు కరెంటు పెట్టే ముందు చక్రం కింద ఏమైనా పడి ఉన్నదేమో చూసుకోవడం మంచిది.

కావలి శ్రోత:

అందరికీ కృతజ్ఞతలు. నెల రోజుల తరువాత రాస్తున్నందుకు మన్నించాలి.

వెనక పలక మీద 120 వోల్టులనే ఉంది. స్టెప్ డౌన్ తెచ్చాము. కందుకూరు మిత్రుని మాట విని, కరెంటు పెట్టకముందే మెకానిక్కును పిలిచి మూత విప్పించి చూడగా, చక్రం కింద నిజంగానే ఒక డిస్కు అడ్డంగా పడి ఉంది. చిమటాతో లాగాము. చిన్నపిల్లలకు ఎక్కాలు నేర్పే ఇంగ్లీషు పాటల డిస్కు, అంచున రెండు గీతలు. పళ్ల చక్రానికి ఏమీ కాలేదు. బెల్టు కొంచెం వదులుగా ఉన్నా ప్రస్తుతానికి పనిచేస్తున్నది. రెండవ బెల్టు కోసం పినాకిని ప్రయాణం నాకూ తప్పేటట్లు లేదు.

సీడీ-ఆర్‌లు నలభై నకలు తీయడం పూర్తయింది. మూడింటిలో చివరి పాటలు దక్కలేదు. క్యాసెట్లు అటక మీద ఉన్నాయేమో వెదకాలి. ఒంగోలు మిత్రునికి జవాబు: చినమౌలానా గారి వాయిద్యం నా దగ్గర అంగట్లో కొన్న డిస్కులలోనే ఉంది, పందిట్లోది లేదు. ఆ డిస్కులకు 201 నుంచి గాళ్లు కేటాయించాను. మొత్తం మీద 248 మాత్రమే నింపి మిగిలినవి ఖాళీగా వదిలాను. ఒక డిస్కు ముగిసి మరొకటి మొదలయ్యే లోపల చక్రం తిరిగే గరగర చప్పుడు వినిపిస్తుంది. రెండు డిస్కుల మీద సాగే పల్లవి మధ్యలో అది వస్తే చిరాకే గాని, మా ఇంటావిడ అప్పుడే కాఫీ కలపడానికి లేస్తున్నది. డబ్బాలన్నీ బీరువాలోనే ఉన్నాయి.

ఆ ఎక్కాల డిస్కు సంగతి ఫోనులో చెప్పగానే బావమరిది కాసేపు మాట్లాడలేదు. పదిహేనేళ్ల కిందట దాన్ని పారేసిందని వాళ్ల అమ్మాయిని గట్టిగా కోప్పడ్డాడట. ఇప్పుడు ఆ అమ్మాయికి ఫోను చేసి చెప్పాలా, వద్దా అని నన్నే అడుగుతున్నాడు.