పెద్ద ఆఫీసర్లు మారినా, దిగిపోయినా నగరపాలక సంస్థ మీద పడే ఖర్చు ఎంత? బడ్జెట్‌లో ఎక్కడ వెతకాలి?

కొర్లగుంట:
అందరికీ నమస్కారం. తిరుపతి నగరపాలక సంస్థ బడ్జెట్ మీద మా కాలనీ సంఘం ఒక నోట్ తయారు చేస్తోంది. అమెరికాలో సిటీ మేనేజర్‌ని మధ్యలో పంపించేస్తే నెలల తరబడి జీతం లెక్కగట్టి చేతికిస్తారని, అది అక్కడి పేపర్లలో పెద్ద గొడవ అవుతుందని చదివాం. మన దగ్గర కమిషనర్‌నో, సూపరింటెండింగ్ ఇంజినీర్‌నో ఏడాది తిరక్కుండానే మారిస్తే అలాంటి భారం పడుతుందా? రిటైరయ్యే వాళ్లకిచ్చే మొత్తాల సంగతేంటి? స్మార్ట్ సిటీ కంపెనీలో కాంట్రాక్టు మీద ఉన్న వాళ్లకు వేరే లెక్కా? ఇవన్నీ బడ్జెట్‌లో ఏ పద్దు కింద కనిపిస్తాయి? తెలిసినవాళ్లు కాస్త అంకెలతో చెప్పండి.

లీలామహల్ సర్కిల్:
కమిషనర్ విషయం ఒక్క మాటలో తేలిపోతుంది. ఆయన్ని వేసేది రాష్ట్ర ప్రభుత్వం, తీసేదీ ప్రభుత్వమే. బదిలీ అంటే ఉద్యోగం పోవడం కాదు కాబట్టి పరిహారం అన్న ప్రశ్నే లేదు. ఆర్డర్ వచ్చిన రోజు చార్జి అప్పగించి, ఎల్పీసీ (చివరి జీతం ధ్రువపత్రం) తీసుకుని వెళ్లిపోతారు. పోస్టింగ్ రాకుండా వెయిటింగ్‌లో ఉన్నా ఆ జీతం ప్రభుత్వానిదే, కార్పొరేషన్‌ది కాదు.

కార్పొరేషన్‌కి తగిలే ఖర్చు డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్ల దగ్గర ఉంటుంది. పబ్లిక్ హెల్త్ ఇంజినీరింగ్ నుంచి, టౌన్ ప్లానింగ్ నుంచి, వైద్యారోగ్య శాఖ నుంచి ఆఫీసర్లు వస్తుంటారు కదా. ఫారిన్ సర్వీస్ (మాతృశాఖ వేరే సంస్థకి అరువు ఇవ్వడం, విదేశం కాదు) షరతుల మీద వస్తే జీతంతో పాటు వాళ్ల సెలవు జీతానికి, పెన్షన్‌కి నెలనెలా వాటా కట్టాల్సింది తీసుకున్న సంస్థే. వచ్చేటప్పుడూ, తిరిగి వెళ్లేటప్పుడూ ప్రయాణ భత్యం కూడా మామూలుగా ఆ షరతుల్లోనే సంస్థ నెత్తిన రాసి ఉంటుంది. ఈ వాటాలు కట్టకుండా ఏళ్లకేళ్లు పెండింగ్ పెడితే, ఆఫీసర్ రిటైరయ్యేటప్పుడు మాతృశాఖ వడ్డీతో సహా అడుగుతుంది. అప్పటికి ఆ ఫైలు ఎవరి బీరువాలో ఉందో తెలియదు.

ఆఫీసర్ వెళ్లాక కుర్చీ ఖాళీగా ఉంటే అది వేరే తలనొప్పి. పక్క ఆఫీసర్‌కి పూర్తి అదనపు బాధ్యత ఇస్తే మొదటి 3 నెలలు ఆయన జీతంలో ఐదో వంతు, తర్వాతి 3 నెలలు పదో వంతు అలవెన్స్. ఆపైన ఏమీ రాదు. ఖాళీ కుర్చీ జీతంతో పోలిస్తే ఇది మిగులే, కానీ అసలు నష్టం అక్కడ లేదు. కొత్త కమిషనర్ డిజిటల్ సంతకం సీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వ బిల్లుల ఆన్‌లైన్ వ్యవస్థ) మ్యాప్ అయ్యేదాకా బిల్లులు కదలవు. పాత ఆయన ఒప్పుకున్న పనుల బిల్లులు కొత్తాయన మళ్లీ మొదటి నుంచి చూస్తారు. కాంట్రాక్టర్ ఈ ఆలస్యాన్ని తర్వాతి టెండర్ రేటులో కలిపేసుకుంటాడు. అది మాత్రం ఏ పద్దులోనూ కనపడదు.

ఇక రిటైరయ్యే సొంత ఉద్యోగులు. ముందు చూడాల్సింది ఆ పోస్టు జీతం ఎక్కడి నుంచి వస్తోందని. 010 పద్దు కింద ఖజానా నుంచా, మున్సిపల్ సాధారణ నిధి నుంచా? రెండో రకమైతే చివరి మొత్తాల సంగతి మీ నోట్‌లో తప్పక ఉండాలి. ఉదాహరణకి, మూలవేతనం 90,000, డీఏ 30,000, మొత్తం 1,20,000 అనుకోండి. 33 ఏళ్ల సర్వీసు, పాత పెన్షన్ మనిషి.

గ్రాట్యుటీ: ఆరు నెలలకొకటి చొప్పున 66 అర్ధ సంవత్సరాలు, ఒక్కోదానికి నాలుగో వంతు, అంటే 16.5 నెలల జీతం. 19,80,000 వస్తుంది. కానీ 2022 పీఆర్సీ (వేతన సవరణ) తర్వాత సీలింగ్ 16 లక్షలు (అంతకుముందు 12), కాబట్టి 16 లక్షలే.
సంపాదిత సెలవులు: గరిష్ఠం 300 రోజులు. 1,20,000ని 30తో భాగించి 300తో గుణిస్తే 12 లక్షలు.
కమ్యుటేషన్: పెన్షన్ 45,000. అందులో 40 శాతం, అంటే 18,000 అమ్ముకోవచ్చు. దాన్ని 12తో, ఆ వయసుకి పట్టికలో ఉన్న అంకెతో గుణించాలి. ఇది దానం కాదు, ముందస్తు చెల్లింపు. 15 ఏళ్ల తర్వాత పూర్తి పెన్షన్ మళ్లీ వస్తుంది.

అంటే ఒక్క మనిషికి కమ్యుటేషన్ వదిలేసినా 28 లక్షలు ఒకే నెలలో కావాలి. ఒకే ఏడాది నలుగురైదుగురు సీనియర్లు దిగితే చూసుకోండి. ఎవరు ఏ నెలలో దిగుతారో సర్వీస్ రిజిస్టర్ చూస్తే ఏళ్ల ముందే తెలుస్తుంది కాబట్టి "అకస్మాత్తుగా వచ్చిన ఖర్చు" అనే మాట బడ్జెట్ నోట్‌లో ఎవరైనా రాస్తే నమ్మొద్దు.

కట్టమంచి:
లీలామహల్ అన్న చెప్పింది సరిగ్గానే ఉంది, కానీ గ్రాట్యుటీ దగ్గర ఒక మెలిక వదిలేశారు. చిత్తూరులోనైనా తిరుపతిలోనైనా ఈ మెలిక ఒకటే.

స్థానిక సంస్థల ఉద్యోగులకు 1972 గ్రాట్యుటీ చెల్లింపు చట్టం వర్తిస్తూ వచ్చింది (2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది). 1982 జనవరి 8 నోటిఫికేషన్‌తో 10 మంది, అంతకుమించి పనిచేసే స్థానిక సంస్థలన్నీ దాని కిందకొచ్చాయి. ఢిల్లీ కార్పొరేషన్ కేసులో 1998లో, కాన్పూర్ నగర్ నిగమ్ కేసులో 2019లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది: పెన్షన్ నిబంధనల్లో గ్రాట్యుటీ ఉన్నంత మాత్రాన ఈ చట్టం హక్కు పోదు. రెండూ కలిపి ఇవ్వరు, ఎక్కువ వచ్చేది ఇస్తారు.

అదే ఉదాహరణ ఈ చట్టం కింద లెక్కేస్తే: 1,20,000ని 26తో భాగించి, 15తో, 33తో గుణిస్తే సుమారు 22,84,600. ఇక్కడ 2018 మార్చి 29 నుంచి సీలింగ్ 20 లక్షలు. అంటే 16కి, 20కి మధ్య మనిషికి 4 లక్షల తేడా. 30 రోజుల్లో చెల్లించకపోతే ఆ చట్టం కింద ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ అదనం. 20 లక్షలు రెండేళ్లు ఆలస్యమైతే వడ్డీయే 4 లక్షలు. జాగ్రత్త, 25 లక్షల సీలింగ్ అని వాట్సాప్‌లో తిరిగేది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులది, మన లెక్కలో కలపొద్దు.

ఇంకొకటి. రాష్ట్ర సర్వీసు నుంచి వచ్చిన కమిషనర్‌కి, డెప్యుటేషన్ వాళ్లకి ఈ చట్టం వర్తించదు. వాళ్లకి వాళ్ల నిబంధనలే. కార్పొరేషన్ సొంత ఉద్యోగులకే ఈ వాదన.

కొర్లగుంట:
చాలా థాంక్స్ అన్నా. మరి 2004 తర్వాత చేరిన వాళ్లకి? వాళ్లలోనూ సీనియర్లు మొదలయ్యారు కదా. పన్ను విషయం కూడా చెప్పండి.

లీలామహల్ సర్కిల్:
2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లు సీపీఎస్ (వాటాలు కట్టే పెన్షన్ పథకం). ఉద్యోగిది 10 శాతం, యాజమాన్యానిది 10 శాతం నెలనెలా ప్రాన్ ఖాతాలో (ఉద్యోగి సొంత పెన్షన్ ఖాతా) పడాలి. దిగేటప్పుడు కనీసం 40 శాతంతో యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే పాలసీ) కొనాలి, మిగిలింది చేతికి. గ్రాట్యుటీ సీపీఎస్ వాళ్లకీ ఉంది, 2017లో జీవో ఇచ్చారు. ఇక్కడ భారం చివర్లో ఒకేసారి పడదు, నెలనెలా పోతుంది. అందుకే నగదు లేని నెలల్లో సంస్థలు ముందు ఆపేది ఈ వాటానే. అది పెట్టుబడిలోకి వెళ్లని ప్రతి నెలా ఉద్యోగికి నష్టమే.

పన్నులో చాలామంది పొరబడే చోటు: గ్రాట్యుటీ మినహాయింపులో స్థానిక సంస్థ ఉద్యోగిని ప్రభుత్వ ఉద్యోగితో సమానంగా చూస్తారు. కానీ రిటైర్మెంట్ సెలవుల నగదుకి పూర్తి మినహాయింపు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకే. స్థానిక సంస్థ సొంత ఉద్యోగికి గరిష్ఠం 25 లక్షలు (2023 ఏప్రిల్ 1 నుంచి, అంతకుముందు 3 లక్షలు), అదీ చట్టంలోని మిగతా లెక్కలకు లోబడి. డీడీఓ (జీతాల బిల్లులు పెట్టే అధికారి) ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తే టీడీఎస్ తప్పుతుంది.

భవానీనగర్:
మీరు అడిగిన అమెరికా బాపతు ఖర్చుకి కాస్త దగ్గరగా ఉండేది స్మార్ట్ సిటీ కంపెనీ మాత్రమే. అమెరికాలో సిటీ మేనేజర్లతో ముందే కాంట్రాక్టు రాసుకుంటారు, మధ్యలో తీసేస్తే ఎన్ని నెలల జీతం ఇవ్వాలో అందులోనే ఉంటుంది. కాలిఫోర్నియా లాంటి చోట్ల చట్టమే మిగిలిన కాంట్రాక్టు కాలానికి మించకుండా, 18 నెలలకి మించకుండా అని గీత గీసింది.

తిరుపతి 2016లో స్మార్ట్ సిటీ జాబితాలోకి వచ్చింది. దానికోసం పెట్టింది కంపెనీల చట్టం కింద నడిచే సంస్థ, కార్పొరేషన్‌లో ఒక విభాగం కాదు. మిషన్ గడువు 2025 మార్చి 31తో ముగిసింది. కాబట్టి కాంట్రాక్టు మనుషుల్ని ఉంచాలా పంపాలా అన్నది ఖర్చు ప్రశ్నే. ఆ కాంట్రాక్టు కాగితంలో మూడు చోట్ల వేలు పెట్టి చూడండి: నోటీసు ఎన్ని నెలలు, నోటీసుకి బదులు జీతం ఇస్తారా, గడువు తీరితే దానంతటదే ముగుస్తుందా.

గడువు తీరి ముగిసినదాన్ని రిట్రెంచ్‌మెంట్ (యాజమాన్యం ఉద్యోగం నుంచి తీసేయడం) అనరు. ఏడాదికి 15 రోజుల పరిహారం కూడా కార్మికుడు అన్న నిర్వచనంలోకి వచ్చేవాళ్లకే. జనరల్ మేనేజర్, చీఫ్ ఫైనాన్స్ ఆఫీసర్ స్థాయికి అది రాదు, కాంట్రాక్టులో ఏముంటే అదే. గ్రాట్యుటీ మాత్రం మారింది. పాత చట్టంలో మరణం, అంగవైకల్యం లాంటివి తప్ప 5 ఏళ్లు నిండాల్సిందే. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చాక నిర్ణీత కాలం ఉద్యోగికి ఏడాది సర్వీసుకే దామాషాగా ఇవ్వాలి. నాలుగేళ్ల ఒప్పందం మీద వచ్చిన మేనేజర్‌కి "ఐదేళ్లు నిండలేదు" అని చెప్పే దారి ఇక లేదు. ఆప్కాస్ ద్వారా వచ్చిన అవుట్‌సోర్సింగ్ వాళ్ల సంగతి వేరు, దీంతో కలపొద్దు.

కట్టమంచి:
పద్దుల సంగతి ఎవరూ చెప్పలేదు. జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ ప్రకారం 210 అనేది ఎస్టాబ్లిష్‌మెంట్. అందులో 210-10 జీతాలు, 210-20 భత్యాలు, 210-30 పెన్షన్, 210-40 ఇతర రిటైర్మెంట్ ప్రయోజనాలు. సెలవుల నగదు, గ్రాట్యుటీ చూడాల్సింది 210-40లో. బ్యాలెన్స్ షీట్‌లో దానికి ఎదురుగా ప్రొవిజన్ (ముందే పక్కన పెట్టిన మొత్తం) ఉందో లేదో కూడా చూడండి. ఖర్చు పద్దులో ఏటా అంకె ఉండి, ప్రొవిజన్ సున్నా ఉంటే వచ్చిన నెలకి వచ్చినట్టు కడుతున్నారని అర్థం.

సమాచార హక్కు దరఖాస్తులో మనుషుల పేర్లు అడగొద్దు సామీ. వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపేస్తారు. ఇలా అడగండి: గత 5 ఏళ్లలో ఏటా 210-30, 210-40 కింద ఖర్చయిన మొత్తం, రాబోయే 3 ఏళ్లలో రిటైరయ్యే పోస్టుల సంఖ్య, హోదా, డెప్యుటేషన్ వాళ్ల సెలవు జీతం, పెన్షన్ వాటాల బకాయి, గ్రాట్యుటీ ఆలస్యానికి కట్టిన వడ్డీ. ఫీజు 10 రూపాయలు, జవాబుకి 30 రోజులు. రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి. స్మార్ట్ సిటీ కంపెనీకి వేరే దరఖాస్తు పెట్టాలి, కార్పొరేషన్‌కి పెడితే "మాది కాదు" అంటూ ఆ కంపెనీకి బదిలీ చేసేసరికే కొన్ని రోజులు పోతాయి.

లీలామహల్ సర్కిల్:
ఒక్కటి కలుపుతా. ఆలస్యానికి వడ్డీ ఎందుకు పడిందో తెలియాలంటే, కారణం కూడా అడగండి. ఎక్కువగా మూడే ఉంటాయి: సర్వీస్ రిజిస్టర్‌లో సెలవుల లెక్క ఎక్కించకపోవడం, పాత చోటు నుంచి ఎల్పీసీ రాకపోవడం, ఆఫీసర్ పేరు మీద తీసిన టెంపరరీ అడ్వాన్సులకి వోచర్లు సర్దుబాటు కాకపోవడం. శాఖాపరమైన విచారణ నడుస్తుంటే మాత్రం అది వేరే లెక్క. అప్పుడు తాత్కాలిక పెన్షన్ ఇచ్చి, గ్రాట్యుటీ విచారణ తేలేదాకా ఆపుతారు. మొదటి మూడింటికీ పెన్షన్ కాగితాలు రిటైర్మెంట్‌కి ఏడాది ముందే కదిలించాలి. నెల ముందు మొదలుపెట్టిన ఫైలు ఆడిట్ దగ్గరికెళ్లి అభ్యంతరాలతో తిరిగొస్తుంది.